ఇరవై ఎనిమిది లోపు

నేను ఒక కీబోర్డును. నల్లగా, కాస్త మందంగా, బల్ల మీద పెడితే కదలకుండా కూర్చునే పాత రకం. నాలాంటివి ఫ్యాక్టరీలో ఒక్క రోజులో వేలకు వేలు పుట్టాయి. ఎప్పుడు పుట్టామో ఎవరూ రాసిపెట్టలేదు. వీపు మీద అంటించిన చీటీలో ఏదో సంఖ్య ఉండేది గానీ అది మొదటి వేసవికే ఊడిపోయింది. వయసు చెప్పుకోవాల్సిన అవసరం మాకు రాదు. మీట నొక్కితే అక్షరం పడాలి. పడితే పనికొస్తాం, పడకపోతే లేదు. మనుషుల దగ్గర వ్యవహారం ఇంత తేలిగ్గా ఉండదని నాకు భీమవరం వచ్చాకే తెలిసింది.

భీమవరంలో నన్ను మొదట కొన్నది ముత్యాలరావు గారని, ఒక చిన్న ప్రింటింగ్ ప్రెస్సు యజమాని. అట్టపెట్టె విప్పి నన్ను బల్ల మీద పెట్టింది మాత్రం అక్కడ అక్షరాలు కొట్టే హైమావతి. అప్పటికే ఆమెకు నలభై దాటాయి. పదిహేడో ఏట టైపు మిషను నేర్చుకుంది. ఆ మిషన్లు పోయి కంప్యూటర్లు వస్తే అవీ నేర్చుకుంది. తెలుగు కొట్టే పద్ధతి మూడుసార్లు మారితే, మూడుసార్లూ పాతది మరిచిపోయి కొత్తదానికి వేళ్ళను అలవాటు చేసుకుంది. నా మీద ఉన్నవి ఇంగ్లీషు అక్షరాలు, ఆమె కొట్టేది తెలుగు. అయినా ఒక్కసారీ నా వంక తల దించి చూడలేదు.

పన్నెండేళ్ళు అలా గడిచాయి. శుభలేఖలు, పెద్దకర్మ కార్డులు, తీర్థాల కరపత్రాలు, ఎన్నికల వాగ్దానాలు అన్నీ నా మీదుగానే వెళ్ళాయి. వాగ్దానాలకు పెద్దగా శ్రమ ఉండేది కాదు, తేదీ మారిస్తే సరిపోయేది. ఈలోగా నా మీటల మీది తెల్ల అక్షరాలు ఒక్కొక్కటే అరిగి, చివరికి నున్నటి నల్ల రాళ్ళలా మిగిలాయి. హైమావతి ఆ సంగతి గమనించిందో లేదో కూడా నాకు తెలియదు.

ఆ ప్రెస్సులో ఆమె ఆఖరి రోజుల్లో కొట్టినవాటిలో ఒక ఉద్యోగ ప్రకటన ఉంది. తెచ్చినవాడు కిరీటి. ఊళ్ళో రొయ్యల మేత అమ్మే ఒక కంపెనీకి మేనేజరు, ముప్పై ఒకటో ఏట ఉన్నాడు. ఫోనులో తను రాసుకొచ్చిన నాలుగు వాక్యాలు చూపించాడు. వాటిలో తప్పులు ఐదు. ఉద్యోగాలు రెండు. ఒకటి: కంప్యూటర్ ఆపరేటర్ కావలెను, వయసు ఇరవై ఎనిమిది లోపు. రెండు: చెరువుల సూపర్‌వైజర్ కావలెను, వయసు నలభై ఐదు పైన.

"కంప్యూటర్ అనేది కుర్రాళ్ళకి పుట్టుకతోనే వస్తదండి. చెరువు సంగతంటారా, అది తల నెరిస్తే గానీ రాదు," అని కిరీటి ఆమెకు వివరించాడు.

హైమావతి ఐదు తప్పులూ దిద్దింది. ఇరవై ఎనిమిది లోపు అన్నచోట ఆమె వేళ్ళు కాస్త నెమ్మదించాయి. తర్వాత మామూలుగానే కొట్టేసింది.

ఆ నెలలోనే ప్రెస్సు మూతపడింది. జనం శుభలేఖలు ఫోన్లలో పంపుకోవడం మొదలుపెట్టాక ముత్యాలరావు గారు మాత్రం ఏం చేస్తారు. కంప్యూటర్లూ బల్లలూ నాతో సహా ఆ మేత కంపెనీకే అమ్మేశారు. దాని యజమాని గోపాలరాజు గారు ఆయనకు పాత స్నేహితుడు.

"హైమా, రాజుగారికి నీ గురించి చెప్పానమ్మా. వెళ్ళి కనబడు," అన్నారు ముత్యాలరావు గారు తాళం వేసే రోజున.

"ఇరవై ఎనిమిది లోపు వాళ్ళు కావాలండి వాళ్ళకి. ఆ కాగితం నేనే కొట్టాను."

"కాగితాలదేముందమ్మా, మనం కొట్టనివా? వెళ్ళు."

ఆమెకు యాభై మూడేళ్ళు. భర్త లేడు. కూతురు ఏలూరులో నర్సింగు రెండో ఏడు చదువుతోంది. వెళ్ళక తప్పలేదు.

ఇంటర్వ్యూలు జరిగిన గదిలో నన్ను ఓ మూల బల్ల మీద, కంప్యూటరు ముందు పెట్టారు. హైమావతి కంటే ముందు లోహిత్ అనే అబ్బాయిని పిలిచారు. ఇరవై రెండేళ్ళుంటాయి, ఆకివీడు దగ్గర పల్లెటూరు. అతను వచ్చింది చెరువుల ఉద్యోగానికి.

"పద్నాలుగో ఏట నుంచీ మా నాన్నతో చెరువు గట్టు మీదే ఉన్నానండి. నీళ్ళ రంగు చూసి రొయ్య ఎలా ఉందో చెప్తాను," అన్నాడు.

"దానికి నలభై ఐదు నిండాలి తమ్ముడూ. నీ వయసుకి కంప్యూటర్ ఉంది, అందులో చేరు," అన్నాడు కిరీటి.

"కంప్యూటర్ అంటే... నాకు అంతగా..."

"ఏదీ, నీ ఫోన్ తియ్యి."

లోహిత్ ఫోను తీసి, రెండు బొటనవేళ్ళతో తాళం విప్పి, తండ్రి చెరువు వీడియో ఒకటి వెతికి చూపించబోయాడు. కిరీటి చెరువును చూడలేదు, వేళ్ళను చూశాడు. "చూశారా సార్ ఆ స్పీడు?" అన్నాడు గోపాలరాజు గారితో.

"మరి పరీక్ష పెట్టవా?" అని అడిగారు రాజుగారు. ఆయనకు అరవై రెండేళ్ళు. కంప్యూటరు రాదని లోలోపల సిగ్గు, వచ్చినవాళ్ళంటే భయంతో కూడిన గౌరవం.

"చేపపిల్లకి ఈత పరీక్ష పెడతామా సార్?"

అలా లోహిత్ వేలు నాకు తగలకుండానే కంప్యూటర్ ఆపరేటర్ అయిపోయాడు. చెరువుల ఉద్యోగం ఒక నెరిసిన జుట్టాయనకు దక్కింది. ఆయన అనుభవమంతా బట్టల కొట్లో సంపాదించినది.

తర్వాత హైమావతి లోపలికొచ్చింది. కిరీటి గొంతు పెంచి, ఒక్కో మాటా విడదీసి, చెవిటివాళ్ళతో మాట్లాడినట్టు అడిగాడు. "ఆంటీ, మౌసు... పట్టుకోవడం... వచ్చా?"

"వచ్చండి. ముప్పై ఏళ్ళ అనుభవం ఉంది," అంది ఆమె. ఇంతలో మూలనున్న నన్ను చూసింది. దగ్గరకొచ్చి, "ఇది మా ప్రెస్సుదే కదండీ," అంటూ పొడవాటి మీట మీద చెయ్యి వేసింది.

"ముట్టుకోకండి ఆంటీ, డేటా పోతుంది."

చెయ్యి తీసేసింది. భయంతో కాదని నాకు తెలుసు, పన్నెండేళ్ళ పరిచయం కదా. రాజుగారికి ఎందుకో జాలి కలిగి, "పోనీలేవయ్యా, ఫోన్లెత్తడానికి పెట్టు," అన్నారు. మంచినీళ్ళ డబ్బా పక్కన ఆమెకో కుర్చీ, ఫోనూ ఇచ్చారు.

నాకు మాత్రం లోహిత్‌తో కాపురం మొదలైంది. అతని చూపుడువేలు నా మీద గద్దలా తిరిగేది. ఎక్కడ వాలాలో తెలియక తిరిగి తిరిగి, తప్పు మీట మీద వాలేది. చూసి కొడదామంటే చూడ్డానికి అక్షరాలు లేవు. ఒక రైతు పేరు ఎక్కించడానికి పావుగంట పట్టేది, ఎక్కాక ఆ పేరు రైతుది కాకుండా పోయేది.

రాదని చెప్పేస్తే పోయేది కదా అని మీరంటారు. ఎవరికి చెప్తాడు? ప్రింటరు ఆగినా, ఏసీ రిమోటు పనిచెయ్యకపోయినా, రాజుగారి మనవడి స్కూలు యాప్ తెరుచుకోకపోయినా అతనే దిక్కు. నాకు తెలీదండీ అని ఒకసారి అన్నాడు పాపం. "ఈ కాలం కుర్రాడివి, నీకు తెలీకపోవడమేంట్రా?" అని రాజుగారు పెద్దగా నవ్వారు. ఆ తర్వాత లోహిత్ మళ్ళీ ఆ మాట అనలేదు. బాత్రూములో కూర్చుని ఫోనులో పాఠాలు చూసొచ్చి, చెమట చేతులతో నన్ను తడుముకునేవాడు.

బస్తాల జాబితాలు తప్పులతడకగా వెళ్తుంటే తిట్లు తినేది ఫోను దగ్గరున్న హైమావతి. ఓ మధ్యాహ్నం అందరూ భోజనాలకు వెళ్ళాక ఆమె క్యారియర్ పట్టుకుని అతని పక్కనొచ్చి కూర్చుంది.

"ఇవాళ మూడు ఫోన్లు వచ్చాయి బాబూ. వీరాస్వామి అనే రైతుని వరస్వామి చేశావట."

లోహిత్ తలుపు వంక చూశాడు. "ఎవరికీ చెప్పకండి ఆంటీ. ఉద్యోగం పోద్ది."

"ఆంటీ ఏంటి? హైమావతి గారూ అను, నేర్పుతాను."

ఆమె వేళ్ళు మళ్ళీ నా మీదకొచ్చాయి. ఎలా ఉందని అడగకండి, చెప్పలేను. రోజూ ఒంటిగంట నుంచి రెండింటి దాకా పాఠం. వేళ్ళు ఎక్కడ ఉంచాలో, ఏ వేలు దేనికో. మొదట్లో అతనికి అన్నం సయించేది కాదు, తర్వాత ఆమె గోంగూర పచ్చడి సగం తనే తినేవాడు. పాఠం మధ్యలో ఫోన్లు వచ్చేవి. ఒకసారి ఓ రైతు, "అమ్మా, రొయ్య మేత ముట్టట్లేదు, మీ మేత కల్తీయా ఏంటి?" అని విరుచుకుపడ్డాడు. హైమావతి ఫోనుకు చెయ్యి అడ్డం పెట్టి ఆ మాట లోహిత్‌కు చెప్పింది.

"మీ వైపు మబ్బు పట్టిందేమో అడగండి," అన్నాడు లోహిత్ నా మీంచి తలెత్తకుండానే. మబ్బే పట్టింది. "రెండ్రోజులు మేత తగ్గించి, నీళ్ళలో గాలి కలిపే చక్రాలు ఎక్కువసేపు తిప్పమనండి. మేత తప్పు కాదది."

రెండో రోజుకి ఆ రైతే ఫోను చేసి, రొయ్య మళ్ళీ మేత ముడుతోందని, పదిమందికి చెప్తానని అన్నాడు. చెప్పాడు కూడా. ఇక వాళ్ళిద్దరూ ఎవరికీ చెప్పకుండా కుర్చీలు మార్చుకున్నారు. మేనేజరు గదిలో లేనప్పుడల్లా ఫోను లోహిత్ ఎత్తేవాడు, నన్ను హైమావతి చూసుకునేది. ఏ చెరువుకు ఎంత మేత వెళ్ళింది, ఎవరి రొయ్య ఎలా పెరిగింది, అంతా ఒకే పట్టికలో కనపడేలా ఆమె తయారుచేసింది. అది రాజుగారికి నచ్చింది, డీలర్లకు ఇంకా నచ్చింది. బట్టల కొట్టాయన గట్టు మీది ఎండకు తాళలేక మానేసినా ఎవరికీ లోటు తెలియలేదు.

కిరీటి దీనికి తన అర్థం తను చెప్పుకున్నాడు: ఇదంతా ఈ కాలం కుర్రాడి గొప్పే. డీలర్ల మహాసభ పెట్టించి, "మా యువశక్తి" అని బ్యానరు కట్టించాడు. దాని మీద లోహిత్ ఫోటో వేయించాడు. సభకు ముందురోజు హైమావతిని పిలిచి, "వచ్చే నెల నుంచి ఫోన్లు మిషనే ఎత్తుద్ది ఆంటీ. మీకు రెస్ట్," అన్నాడు.

ఆ మాట లోహిత్‌కు తెలిసింది. "నేను చెప్పేస్తానండి," అన్నాడు ఆమెతో.

"పిచ్చి పని చెయ్యకు. ఒకళ్ళ ఉద్యోగమైనా నిలబడనీ. నీ ఫోటో సంగతి మీ నాన్న అప్పుడే ఊరంతా చెప్పుకున్నాడు."

మర్నాడు ఓ కల్యాణ మండపంలో సభ. నన్నూ కంప్యూటరునూ వేదిక మీద పెట్టి, వెనక పెద్ద తెర కట్టారు. హైమావతి వాకిట్లో డీలర్లకు నీళ్ళ సీసాలు అందిస్తోంది. పట్టిక ముందే సిద్ధంగా ఉంది, లోహిత్ ఒక్క మీట నొక్కితే తెర మీదకొస్తుంది. అంత మాత్రం అతనికి వచ్చు. నొక్కి, దండ వేయించుకుని దిగిపోవచ్చు. అతని వేలు ఆ మీట మీదే ఉంది. ఆ చెమట నాకు తెలుస్తూనే ఉంది. నొక్కలేదు. మైకు తీసుకున్నాడు.

"ఇది నేను చెయ్యలేదండి. హైమావతి గారు చేశారు. నాకు టైపింగు రాదు, ఆవిడే నేర్పుతున్నారు."

హాలు గొల్లుమంది. కిరీటి చప్పట్లు కొడుతూ, "చూశారా సార్ వినయం," అన్నాడు.

"వినయం కాదండి. నిజంగానే రాదు. నాకు వచ్చింది చెరువు."

నవ్వులు ఆగాయి. ముందు వరసలోంచి గోపాలరాజు గారు, "హైమావతి ఎవరయ్యా?" అన్నారు. ఐదు నెలలుగా రోజూ ఆమె ముందు నుంచే లోపలికి వెళ్తున్నారాయన.

"ఫోన్ల ఆంటీ సార్," అన్నాడు కిరీటి నీరసంగా.

ఆమెను పిలిచారు. పైట చెంగుతో చేతుల తడి తుడుచుకుంటూ వేదికెక్కింది. నమ్మకం కుదరని డీలర్ ఒకాయన లేచి, తన ఊరి రైతుల పేర్లూ చెరువుల వివరాలూ గడగడా చదవడం మొదలుపెట్టాడు. హైమావతి నా వంక చూడలేదు, తెర వంకా చూడలేదు, ఆయన మొహం వంకే చూస్తూ కొట్టుకుంటూ పోయింది. ఆయన ఊపిరి తీసుకోవడానికి ఆగేసరికి తెర మీద అక్షరాలూ ఆగాయి. ఒక్క తప్పు లేదు.

"ఇదంతా ఎక్కడ నేర్చుకున్నారమ్మా?" అన్నారు రాజుగారు.

"మీ ఉద్యోగ ప్రకటన కొట్టింది నేనేనండి," అంది ఆమె.

ఆయన తల దించుకున్నారు. మర్నాడే లోహిత్ చెరువుల మీదికి వెళ్ళిపోయాడు. హైమావతి నా ముందుకు వచ్చింది. కథ ఇక్కడితో అయిపోవాలి. కానీ కిరీటి ఉన్నాడు కదా. అతనికి కూడా జ్ఞానోదయమైంది. అది అతని పద్ధతిలో అయింది.

"ఈ కాలం కుర్రాళ్ళకి ఫోన్లు తప్ప ఏమీ రావండి. కంప్యూటర్ అంటే పెద్దాళ్ళదే," అని చెప్పి, హైమావతికి సాయంగా రెండు వారాల్లో ఓ కొత్త మనిషిని వెతికి తెచ్చాడు. పేరయ్య గారు, యాభై ఎనిమిదేళ్ళు, తల ముగ్గుబుట్ట.

"పరీక్ష పెట్టారా?" అని అడిగింది హైమావతి.

"ఈ వయసువాళ్ళకి పరీక్షెందుకండీ?" అన్నాడు కిరీటి, వెళ్ళిపోయాడు.

హైమావతి లేచి పేరయ్య గారిని తన కుర్చీలో కూర్చోబెట్టింది. "మీ పేరు కొట్టండి చూద్దాం."

ఆయన చూపుడువేలు చాచారు. అది నా మీద గాలిలో చాలాసేపు తిరిగి, ఎక్కడా వాలకుండానే వెనక్కి వెళ్ళింది. మొరటు వేలు, గోటి చుట్టూ నూనె నలుపు.

"రాదమ్మా నాకు. రాదని చెప్తుంటే ఆ బాబు వినిపించుకోలేదు. పెద్దాడివి, నీకు రాకపోవడమేంటన్నాడు."

హైమావతికి నవ్వొచ్చింది, ఆపుకుంది. పక్క కుర్చీ లాక్కుని ఆయనకు ఎదురుగా కూర్చుంది.

"మరి మీకేం వచ్చండీ?"

ఈ ఆఫీసులో ఆ ప్రశ్న వినడం నాకదే మొదటిసారి. పేరయ్య గారికి కూడా కొత్తే కాబోలు, కుర్చీ ముందుకు జరుపుకున్నారు. తర్వాత చెరువుల్లో చక్రాలు తిప్పే మోటార్ల గురించి మొదలుపెట్టారు. ఏ మోత ఏ జబ్బుకు గుర్తో, ముప్పై ఏళ్ళుగా ఎన్నెన్ని విప్పి బిగించారో చెప్తూ, చేతులతో బల్ల మీద మోటారు బొమ్మ గీయబోయారు. చోటు చాలలేదు. హైమావతి నన్నెత్తి, పక్కనున్న స్టూలు మీద పెట్టింది.

"ఇప్పుడు చెప్పండి," అంది.