కోట గుమ్మంలో మొదటి ప్రశ్న

పొయ్యి మీద పప్పు ఉడుకుతుండగానే హైమావతి ల్యాప్‌టాప్ తెరిచింది, గుమ్మం దగ్గర ఇవాళ ఎవరన్నా ఆగారేమో చూద్దామని. గుమ్మమంటే ఇంటిది కాదు, గుండ్లకమ్మ కోటది. అదొక ఆన్‌లైన్ ఆట. బొమ్మల్లేవు, అంతా అక్షరాలే. "తూర్పుకు" అని కొడితే అంగడి వీధి ఎట్లా ఉందో నాలుగు వాక్యాల్లో తెర మీదికి వస్తుంది, "తలుపు తియ్యి" అంటే తలుపు తెరుచుకుంటుంది. మొగుడు ఉమామహేశ్వర్లు మార్కాపురంలో ఇంటర్నెట్ సెంటరు నడిపిన రోజుల్లో స్నేహితులతో కలిసి మొదలుపెట్టాడు. సెంటరు పోయి కిరాణా దుకాణం వచ్చింది. ఆట మాత్రం హైమావతి నెత్తిన పడింది, అత్తగారి మాత్రలూ మిద్దె మీది వడియాలూ పడినట్టే, నీకు ఇష్టమేనా అని ఎవరూ అడగకుండా.

ఆగిపోయిన సర్వర్‌ను లేపేది ఆమె. కొత్త వీధులు రాసేది ఆమె. బియ్యం ఏరుతూ పలకల గని ఊహించింది, బట్టలు ఆరేస్తూ నల్లమల దారి. కొత్తవాళ్ళు దారి తప్పితే వెంట నడవడానికి పాపమ్మవ్వ అనే ముసలమ్మను కల్పించింది. ఏటేటా స్నేహితులు కూడి కేకు కోసినప్పుడు టీలు ఇచ్చేదీ ఆమే. "కోట కట్టినోళ్ళం మనం నలుగురం" అనేవాడు వాళ్ళలో ఒకడైన జగన్నాథం, ఆమె చేతిలోంచి కప్పు అందుకుంటూ. ఆమె పేరేమిటో తెలుసుకోవాల్సిన అవసరం ఆయనకు ఎప్పుడూ రాలేదు, చెల్లెమ్మా అంటే సరిపోయేది. ఆమెకు ఒళ్ళు మండేది. మండుతూనే చక్కెర సరిపోయిందా అని అడిగేది.

ఇప్పుడు కోటకు కొత్తవాళ్ళు నిలవడం లేదు. నెలాఖరుకు మూసేద్దామన్నాడు ఉమామహేశ్వర్లు, పాత సైకిలు అమ్మేద్దామన్నంత తేలిగ్గా. ఈ కాలం పిల్లలకు బొమ్మలు కావాలంట, చదివే ఓపిక లేదంట. తను ఇన్నేళ్ళు కట్టిన ఊరు ఒక్క మీటతో మాయమైపోతుందనుకుంటే ఆమెకు ముద్ద దిగలేదు.

అసలు పిల్లలు రాకపోవడమేమిటి? వస్తున్నారు. వచ్చి గుమ్మంలోంచే తిరిగిపోతున్నారు. అక్కడ ఉమామహేశ్వర్లు ఆటలో రాసిపెట్టిన కావలివాడు ఉన్నాడు. ఎవరోళ్ళు మీరు, నాయన పేరేంది, ఇంటిపేరేంది అని అడుగుతాడు. ఆడపేరైతే, పెళ్ళయిందా, ఎవరి భార్య అని కూడా. చెప్తేగానీ తలుపు తియ్యడు. దుకాణానికి కొత్త మనిషి వస్తే ఈ వైపు అందరూ అడిగే మాటలే గనక ఆ నలుగురికీ తప్పనిపించలేదు. పెళ్ళయిన కొత్తలో హైమావతీ ఆ గుమ్మంలో నిలబడి జవాబు చెప్పింది. అప్పటినుంచి కోటలో ఆమె పేరు "ఉమామహేశ్వర్లు భార్య". ఏ వీధి రాసినా కింద అదే.

ఇవాళ ఎలీషబా అనే అమ్మాయి వచ్చి ఆగింది. మాది తర్లుపాడు అంది, మా నాయన పేరు విశ్వాసం అంది. ఇంటిపేరు అడిగేసరికి ఆ పిల్ల కొట్టిన చివరి మాట తెర మీద అట్లాగే ఉంది: "నేను ఆట ఆడదామని వచ్చినా, పెళ్ళిచూపులకు కాదు."

హైమావతికి నవ్వొచ్చింది. మరుక్షణం మొహం వేడెక్కింది. ఇంటిపేరు అడిగేది కులం తెలుసుకోవడానికేనని ఆ పిల్లకు తెలుసు. తనకు తెలియదా? తెలిసే ఇన్నాళ్ళూ లోపల వీధులు ఊడ్చుకుంటూ కూర్చుంది.

మధ్యాహ్నం వడ్డిస్తూ చెప్పింది, ఆ ప్రశ్నలు తీసేద్దామండీ అని. ఆయన తల ఎత్తలేదు.

"గుమ్మం జోలికి పోబాక. అది కోట మర్యాద. లోపల నీ ముగ్గులు నువ్వేసుకో, ఎవరొద్దన్నారు?"

మగోళ్ళు పెట్టిన వాకిలి నీకెందుకే అని అత్తగారు మజ్జిగ అందుకుంది. ముగ్గులంట! గని, అడవి, అంగడి, ఆకలేసిన కొత్తవాడికి పాపమ్మవ్వ పెట్టే సంగటి, అన్నీ ముగ్గులే. ఎవరూ తొక్కని ఆ గుమ్మమొక్కటే కోట.

గిన్నెలు కడిగి, చేతులు తుడుచుకుని కూర్చుంది. కావలివాణ్ణి తీసేసింది. ఆ చోట పాపమ్మవ్వను నిలబెట్టింది. "ఎండన పడి వచ్చినావు, మంచినీళ్ళు తాగు. నిన్నేమని పిలవాల?" అంతే, ఇంకేమీ అడగదు. ఆటలో చేరేటప్పుడు ఎలీషబా ఇచ్చిన మెయిల్ అడ్రసుకు రెండు ముక్కలు రాసింది, తప్పు మాదే, ఆ ప్రశ్నలు తీసేసినా, రా అమ్మా అని. తర్వాత "ఉమామహేశ్వర్లు భార్య"ను చెరిపేసి, తనే కొత్తమనిషిగా గుమ్మంలో నిలబడింది. హైమావతి అని కొట్టింది. తలుపు తెరుచుకుంది. కళ్ళనిండా నీళ్ళు వచ్చాయి, అవి ఏడుపో కోపమో ఆమెకే తెలియలేదు.

సాయంత్రానికి ఎలీషబా వచ్చింది, ఇద్దరు స్నేహితురాళ్ళను వెంటబెట్టుకుని. పలకల గనిలో వాళ్ళు కేరింతలు కొడుతున్నారు. ఎన్నాళ్ళకో ఇన్ని కొత్త పేర్లు కనబడేసరికి జగన్నాథం కూడా హడావిడిగా ఆటలోకి వచ్చాడు. దుకాణంలో కూర్చుని ఉమామహేశ్వర్లూ ఫోనులో చూస్తున్నాడు. అందరి ముందూ జగన్నాథం అడిగాడు: "హైమావతమ్మా, కొత్తగా వచ్చినట్టున్నారు. ఎవరోళ్ళు మీరు?"

వంటింట్లో కుక్కరు కూసింది. అత్తగారు పిలిచింది. హైమావతి లేవలేదు.

"ఎవరిదాన్నీ కాదన్నా," అని కొట్టింది. "ఈ కోట కట్టినదాన్ని."