ఆగాక అంటుకున్న నిప్పు

నేను బట్టలు ఆరబెట్టే డ్రైయర్‌ని. డ్రమ్ము తిప్పడం, వేడిగాలి ఊదడం తప్ప మరో విద్య రాదు. తిరుగుతూ తిరుగుతూ కాలిపోయి ఉంటే, అది నా పనిలో ఉన్న ప్రమాదమే అనుకునేదాన్ని. కానీ పని ఆపి ఊరుకున్న వేళ నా కడుపులో నిప్పు పుట్టింది. ఆ దిగ్భ్రాంతి ఇంకా తీరలేదు.

కర్మాగారంలో నన్ను తడి తువ్వాళ్లు వేసి పరీక్షించారు. మనుషులు నూనె తువ్వాళ్లు కూడా వేస్తారని అక్కడ ఎవరికీ తోచలేదు కాబోలు.

గాజువాకలో సునీల, విజయరత్నం దంపతులు నన్ను వానాకాలంలో కొన్నారు. నెలల పాప. పొత్తిగుడ్డలు ఆరక ఇల్లంతా ముక్కవాసన. నేను వచ్చాక ఆ బాధ తీరింది. జాలీకి పట్టిన నూగును సునీల ప్రతిసారీ దులిపేది. నాతోపాటు వచ్చిన సూచనల పుస్తకం మాత్రం అట్ట విప్పకుండానే అటకెక్కింది.

పురిటికి సాయం వచ్చిన సునీల తల్లి మార్తమ్మ రోజూ పాపకు నువ్వులనూనె రుద్ది, మెత్తని తువ్వాళ్లతో తుడిచేది. ఎంత ఉతికినా ఆ తువ్వాళ్లలో జిడ్డు మిగిలేది. అవీ నాలోకే వచ్చేవి.

ఆ రోజు సునీల తువ్వాళ్లు వేసి వంటింట్లోకి వెళ్లింది. పక్కగదిలో పాప అప్పుడే నిద్రలోకి జారింది. నా చప్పుడుకు ఉలిక్కిపడింది. మార్తమ్మ గబగబా వచ్చి నన్ను ఆపేసింది. ప్రతిసారీ చివర్లో చల్లగాలి ఊది బట్టల వేడి తీస్తాను. ఆ అవకాశం దొరకలేదు. వేడి తీరని తువ్వాళ్లు నాలో కుప్పగా మిగిలిపోయాయి.

తల్లీకూతుళ్లు భోంచేశారు. నేను చల్లారుతున్నాననుకున్నాను. కుప్ప నడుమ వేడి తగ్గకపోగా పెరిగింది. తర్వాత కమురువాసన. తలుపు సందుల్లోంచి పొగ.

సునీల పరుగెత్తుకొచ్చి నా తలుపు మీద చెయ్యి వేసింది.

"ముట్టుకోకు," అన్నాడు వెనకనుంచి విజయరత్నం. రాత్రి డ్యూటీ చేసి పడుకున్నవాడు పొగకు లేచి వచ్చాడు. "గాలి తగిల్తే భగ్గుమంటది. పాపని తీసుకుని మీరిద్దరూ కిందకెళ్లిపోండి."

అతను మెయిన్ స్విచ్చి ఆపి, గది తలుపు మూసి, అగ్నిమాపక కేంద్రానికి ఫోన్ చేస్తూ మెట్లు దిగాడు. చీకటి గదిలో, బిగించిన తలుపు వెనక, నేను నన్నే కాల్చుకుంటూ నిలబడ్డాను. గాలి అందక మంట ముదరలేదు. ఫైరింజను వాళ్లు వచ్చి ఆర్పేశారు.

మర్నాడు మెకానిక్ తువ్వాళ్లను బయటికి తీశాడు. అంచులు తెల్లగానే ఉన్నాయి. నడుమ బొగ్గు.

"నూనె వదలని గుడ్డలు ఇందులో వెయ్యకూడదండీ," అన్నాడు. "వేడి మీద కుప్పగా వదిలేస్తే వాటంతటవే రాజుకుంటాయి. మధ్యలో ఆపాల్సొస్తే వెంటనే తీసి విడివిడిగా పరిచెయ్యాలి."

మార్తమ్మ గోడకు ఆనుకుంది. "చప్పుడికి పాప లేచిపోద్దని ఆపేసేనమ్మా," అంది కూతురితో. పాప నిద్రపోయిన గదికీ నాకూ మధ్య ఒక్క గోడే ఉందని అప్పుడు అందరికీ తట్టింది.

ఆ రోజునుంచి ఆవిడ నూనెసీసా ముట్టుకోలేదు. పాపను ఎత్తుకోవడానికి కూడా జంకింది.

నన్ను బాగుచెయ్యలేమన్నారు. పాతసామాను కొనేవాళ్లు వచ్చి మోస్తూ, బరువుకు ఆగి హాల్లో దించారు. సునీల తన తల్లి ముందు చాపేసి పాపను పడుకోబెట్టింది. గోరువెచ్చటి నూనె తల్లి అరచేతిలో పోసింది.

"రుద్దమ్మా."

"నా చేత్తో వద్దులేవే."

"గుడ్డలు బాల్కనీలో ఆరేస్తాన్లే. ఎండకపోతే ఫ్యాన్ కింద వేద్దాం. పాపకి నీ చెయ్యే అలవాటు."

మార్తమ్మ చెయ్యి వెనక్కి తీసుకోబోతే నూనె చాప మీద ఒలికింది. పాప కాళ్లు ఆడిస్తూ ఆ చేతిని తన్నింది. ఆవిడ ఆ చిన్న పాదాన్ని పట్టుకుంది. కాసేపు అలాగే పట్టుకుని, మెల్లగా రుద్దడం మొదలుపెట్టింది.

నన్ను మళ్లీ ఎత్తారు.