మూడంగుళాలు

నా కొలత తప్పిందని వీధి వీధంతా నవ్వుతోంది. నవ్వనివ్వండి. ఇరవై ఆరేళ్ళుగా తాపీ పట్టుకున్నవాణ్ణి. నేను కట్టిన గోడ పక్కన దారానికి గుండు కట్టి వేలాడదీస్తే వెంట్రుక దూరే సందు కూడా కనపడదు. అలాంటి నేను సొంతింటి గుమ్మానికి మూడంగుళాలు తక్కువ పెట్టానట! మొన్న నా దగ్గర ఇటుకలు మోసే మనిషి కూడా "మేస్త్రీగారూ, ఈసారి టేపు నన్ను పట్టుకోమంటారా?" అన్నాడు. ఇంకొకప్పుడైతే చెంప చెళ్ళుమనిపించేవాణ్ణి. నోరు మూసుకుని పక్కకి తిరిగాను. ఎందుకు మూసుకోవాల్సొచ్చిందో మీకొక్కరికే చెప్తున్నాను.

దీనికంతటికీ మూలం ఒక కారు.

మా నాన్న ఒక పెద్దింట్లో కార్లు కడిగేవాడు. వాటిల్లో ఒకటి రెండే సీట్లున్న స్పోర్ట్స్ కారు. పైకప్పు లేదు, పొడుగాటి ముక్కు, సన్నటి ఊచల చక్రాలు, ముదురాకుపచ్చ రంగు. పంతొమ్మిదేళ్ళు నాన్న దాన్ని రోజూ తుడిచాడు. ఎండొస్తే నీడలోకి తోశాడు. ఒక్కసారీ దాంట్లో కూర్చోలేదు. ఓసారి లోపల తుడుస్తూ సీటు మీద మోకాలు ఆనించాడని, యజమాని ఆయన చేతే ఆ సీటుని అందరి ముందూ సబ్బునీళ్ళు పెట్టి మళ్ళీ కడిగించాడట. ఈ సంగతి నాన్న మాకు వందసార్లు చెప్పుంటాడు. చెప్పినప్పుడల్లా నవ్వేవాడు. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్ళు మండేది.

యజమాని పోయాక ఆయన పిల్లలు దాన్ని పట్టించుకోలేదు. షెడ్డు వెనకాల పదిహేనేళ్ళు వానకి తడిసి ఎండకి ఎండింది. చివరికి ఆ స్థలం అమ్ముకుంటూ, "కావాలంటే పట్టుకుపో" అన్నారు నాన్నతో. ఆరుగురం మోసుకొచ్చి మా ముందు వసారాలో దించాం. చక్రాలు లేవు. వెనక మడ్‌గార్డులు తుప్పు తిని రాలిపోయాయి. సీట్లలో ఎలుకలు కాపురం పెట్టి పిల్లల్ని కూడా కన్నాయి.

"ఇదేం చేసుకుంటావు నాన్నా? పాత ఇనప సామాన్లవాడు కూడా మొహం తిప్పుకుంటాడు" అన్నాను.

నాన్న నావైపు చూడనే లేదు. తమ్ముడి వైపు చూశాడు. "చిన్నోడా, దీన్ని లేపగలవా?"

"లేపుతా నాన్నా. నిన్ను పక్కన కూర్చోబెట్టుకుని వీధి చివరిదాకా తిప్పుతా."

అంతే, ఆరోజు నుంచీ మా ఇంట్లో ఇంకో మాట లేదు. వీధి చివరిదాకా, వీధి చివరిదాకా! చెవులు చిల్లులు పడేలా విన్నాను.

తమ్ముడు లేత్ మిషను మీద పనిచేస్తాడు. నోట్లో నాలుక లేనివాడు, చేతిలో మాత్రం పనితనముంది, కాదనను. ఫ్యాక్టరీ నుంచి రావడం, చేతులు కడుక్కోవడం, మళ్ళీ ఆ కారు కింద దూరి చేతులు నల్లగా చేసుకోవడం. నాన్న పక్కనే స్టూలేసుకుని కూర్చునేవాడు. "అక్కడ ఇంకాస్త గీకు" అనేవాడు. "అబ్బ, అద్దంలా వచ్చిందిరా చిన్నోడా" అనేవాడు. నేను కట్టిన ఇళ్ళు ఈ ఊళ్ళో నూటయాభై దాకా ఉంటాయి. ఒక్కదాని ముందైనా ఆగి "బాగుందిరా పెద్దోడా" అన్న పాపాన పోలేదు.

ఇల్లు పాతబడిపోయింది, కిందంతా సరిచేసి, పైన స్లాబు మీద నాకూ నా పెళ్ళాం పిల్లలకీ ఇంకో వాటా వేసుకుందామన్నాను. డబ్బు నాది, చాకిరీ నాది. కింద వసారాని ముందుగదిగా మార్చి, అందులో సిమెంటు, ఇసుక వ్యాపారం పెట్టుకోవాలని పదేళ్ళ నుంచి అనుకుంటున్నాను. ఆ మాటే నాన్నతో అన్నాను.

"ముందుగది కారుకి" అన్నాడు నాన్న. "చిన్నోడు అందులోనే పని చేసుకుంటాడు."

సరే, మింగాను. పిల్లర్లు లేపే రోజొచ్చింది. వసారా ముందు రెండు పిల్లర్లు, వాటి మీద బీము, ఆ బీము మీద నా వాటా మొత్తం. ఆ రెండు పిల్లర్ల మధ్య సందే కారు బయటికి రావాల్సిన గుమ్మం. తమ్ముణ్ణి పిలిచి "ఎంత కావాలిరా?" అనడిగాను.

"మడ్‌గార్డులు పెట్టాక నాలుగడుగుల పదంగుళాలు అన్నయ్యా. అటూ ఇటూ చెయ్యి పట్టేంత ఉంచు, చాలు."

"సరే, పో."

సరిగ్గానే గుర్తు పెట్టాను. ఒట్టు, ఐదడుగుల రెండంగుళాలకి సుద్దతో గీత గీశాను. ఇంతలో నాన్న అక్కడికొచ్చి నా పనివాళ్ళతో కబుర్లు పెట్టుకున్నాడు. తమ్ముడు చేసిన ఇంజను సామానేదో చేత్తో పట్టుకుని తిప్పి తిప్పి చూపిస్తున్నాడు. పనివాళ్ళలో ఒకడు నా మీద గౌరవం కొద్దీ, "మీ పెద్దబ్బాయి చెయ్యి కూడా తక్కువేం కాదండీ, ఈ చుట్టుపక్కల ఆయనంత తిన్నగా కట్టేవాళ్ళు లేరు" అన్నాడు.

నాన్న నవ్వాడు. అదే నవ్వు. "గోడలదేముందిరా, ఎవడైనా కడతాడు."

తొమ్మిదిమంది పనివాళ్ళు. తొమ్మిదిమందీ విన్నారు. తలకాయ కొట్టేసినట్టయింది నాకు. ఒక్కడూ నా మొహంలోకి చూడలేదు.

మధ్యాహ్నం వాళ్ళు అన్నాలకి వెళ్ళాక సుద్దగీత చెరిపేశాను. కొత్తగా గీశాను. నాలుగడుగుల ఏడు. మూడంగుళాలు తక్కువ. రెండే తగ్గిస్తే అటూ ఇటూ ప్లాస్టరు గీకి, కారుని ఎలాగో లాగేస్తాడు. మూడు తగ్గితే ప్లాస్టరు వెనకాల కడ్డీలు అడ్డం పడతాయి. అంత ఆలోచించే పెట్టాను. కోపంలో చేశానంటే నమ్మకండి, కోపంలో ఎవడూ అంత లెక్కగా గీయలేడు.

సాయంత్రం తమ్ముడు వచ్చి "గుమ్మం సరిపోతుందా అన్నయ్యా?" అన్నాడు.

"నువ్వు చెప్పాక సరిపోకుండా ఎలా ఉంటుందిరా?"

వాడు టేపు పెట్టి చూసుకోలేదు. ఇంజనులో దారపు పోగంత తేడాకి మూడురోజులు కొట్టుకునేవాడు, గుమ్మం దగ్గర మాత్రం అన్నయ్య కొలిచాడు కదా అనుకుని ఊరుకున్నాడు.

నాలుగేళ్ళు. స్లాబు పడింది, పైన మేం కాపురం పెట్టాం, కింద కారు తయారవుతోంది. వాడు రేకు తెచ్చి, సుత్తితో కొట్టి కొట్టి వెనక మడ్‌గార్డులు వంచి, వెల్డింగు పెట్టి, పుట్టీ రాసి, ఎమరీ పేపరుతో రుద్దాడు. ఒకరోజు పైకొచ్చి, "అన్నయ్యా, మట్టం చూసే నీ నీళ్ళ గొట్టం పట్టుకుని ఒకసారి రావా? రెండు మడ్‌గార్డులూ ఒకే ఎత్తులో ఉన్నాయో లేదో నీ కంటికే తెలుస్తుంది" అన్నాడు. వెళ్ళాను. ఎడమది పావంగుళం ఎత్తుంది. చెప్పేశాను. వంకర చూస్తే నోరు ఊరుకోదు నాకు. వాడు వారం రోజులు కష్టపడి సరిచేసుకున్నాడు. "నువ్వు లేకపోతే నా కారు వంకరగా ఉండిపోయేది" అని నా చెయ్యి పట్టుకున్నాడు. నా పక్కనే ఆ పిల్లర్లు ఉన్నాయి. ఆ రోజు చెప్పుండొచ్చు. మడ్‌గార్డులకి ఇంకా రంగు పడలేదు, ఏదో దారి దొరికేది. నేను గొట్టం చుట్టుకుని మేడెక్కి అన్నం తిన్నాను.

రంగు కూడా పడింది. ముదురాకుపచ్చ, నాన్న గుర్తుపట్టి ఒప్పుకున్న ఛాయే. అప్పటికి నాన్న ఊపిరితిత్తులు పాడైపోయాయి. మంచం మీంచి బాత్రూమ్‌కి వెళ్ళడానికే రెండుసార్లు ఆగేవాడు. డాక్టరు మమ్మల్ని బయటికి పిలిచి "రెండు వారాలు, మహా అయితే మూడు" అన్నాడు. తమ్ముడు ఫ్యాక్టరీకి సెలవు పెట్టి నాలుగు రోజుల్లో మిగతా పనంతా ముగించాడు. ఆదివారం పొద్దున ముహూర్తం.

నాన్న గడ్డం గీయించుకున్నాడు. ఇస్త్రీ చొక్కా అడిగి మరీ తొడుక్కున్నాడు. వీధిలో వాళ్ళంతా మా ఇంటి ముందు చేరారు. మేమిద్దరం చెరో చెయ్యీ పట్టుకుని ఆయన్ని కారు దగ్గరికి నడిపించాం. ఆయన అరికాళ్ళు తుడుచుకున్నాడు. సీటు చూసి ఆగిపోయాడు. భుజం మీది తువ్వాలు తీసి సీటు మీద పరవబోయాడు.

"నాన్నా, ఇది నీదే" అని తమ్ముడు ఆ తువ్వాలు లాగేసుకున్నాడు.

కూర్చున్నాడు. డెబ్బై మూడేళ్ళ మనిషి, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, బడిలో మొదటిరోజు కూర్చున్న పిల్లాడిలా కూర్చున్నాడు. కళ్ళంట నీళ్ళు కారిపోతున్నాయి. తమ్ముడు పక్క సీట్లో కూర్చుని తాళం తిప్పాడు. ఇంజను లేచింది. గది గోడలు అదిరాయి. నాకు గొంతు దాకా వచ్చింది, ఆపరా అందామని. అనలేదు. ఎందుకనలేదంటే, మీ దగ్గర దాపరికమేముంది, చూడాలనిపించింది.

కారు రెండడుగులు వెనక్కి కదిలింది. కర్రుమని చప్పుడైంది.

తమ్ముడు దిగాడు. పిల్లర్ మీద చెయ్యి పెట్టాడు, గీరుకుపోయిన మడ్‌గార్డు మీద చెయ్యి పెట్టాడు. పరుగెత్తి టేపు తెచ్చాడు. కొలిచి, మళ్ళీ కొలిచి, నావైపు చూశాడు. వెల్డింగు తెంపి, మడ్‌గార్డులు విప్పి, బయటికి తీసి మళ్ళీ అతికించాలంటే రెండు నెలలు. పిల్లర్ కొడితే పైన నా ఇల్లు కూలుతుంది. వాడికి చెప్పక్కర్లేదు, అన్నీ వాడికి తెలుసు.

వీధిలోంచి ఎవడో కిసుక్కున నవ్వాడు. "ఇంతకీ ఇది మేస్త్రీ ఇల్లే కదా!" అన్నాడు. అందరూ అందుకున్నారు.

తమ్ముడు వాళ్ళ మీదికి వెళ్ళిపోయాడు. పుట్టి బుద్ధెరిగాక వాడు గొంతు పెంచడం అప్పుడే చూశాను. "ఎందుకా నవ్వు? మనిషన్నాక పొరపాటు పడడా? మా అన్నయ్యని ఒక్క మాటంటే ఊరుకోను!" నా దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యేశాడు. "పోనీలే అన్నయ్యా. నేనే ఒకసారి కొలుచుకోవాల్సింది. నువ్వు బాధపడకు." ఆ చెయ్యి అక్కడుంటే భుజం కాలిపోయినట్టుంది నాకు.

గది నిండా పొగ. నాన్నకి దగ్గు తెర వచ్చి ఊపిరి అందలేదు. ఇంజను ఆపి, ఎత్తుకుని మంచం మీదికి చేర్చాం.

సాయంత్రానికి కాస్త తేరుకున్నాక, తమ్ముణ్ణి మందుల కొట్టుకి పంపించి నన్ను పిలిచాడు. "పెద్దోడా, నీ గుండూ దారం పట్టుకురా. నన్ను ఆ గుమ్మం దాకా తీసుకెళ్ళు."

కుర్చీలో కూర్చోబెట్టి ముందుగదిలోకి మోసుకెళ్ళాను.

"ఆ పిల్లర్‌కి గుండు వేలాడదియ్యి. తేడా ఉందా?"

"లేదు."

"అవతలి దానికి?"

"లేదు."

"సందు ఎంతుంది? కింద?"

"నాలుగడుగుల ఏడు."

"మధ్యలో? పైన?"

టేపు పెట్టాను. "నాలుగడుగుల ఏడే నాన్నా. అంతటా అంతే."

నాన్న ఆ పిల్లర్ల వైపు చూశాడు. ఊపిరి కూడదీసుకుని ఒక్కో మాటా పలికాడు. "ఎంత తిన్నగా కట్టావురా! పొరపాటు ఇంత తిన్నగా రాదు."

నలభై ఏడేళ్ళు నాకు. నా బతుకు మొత్తంలో ఆయన నా పనిని మెచ్చుకున్నది అదొక్కసారే.

కాళ్ళ మీద పడ్డాను. తమ్ముడి కాళ్ళు కూడా పట్టుకుంటాను, వాడు రాగానే నిజం చెప్పేస్తానన్నాను.

"చెప్పకు" అన్నాడు. "నేను పోయాక వాడికి మిగిలేది నువ్వొక్కడివే. నువ్వు కొలత తప్పావనే అనుకోనీ వాణ్ణి. ఊరు కూడా అలాగే అనుకోనీ. నువ్వు చచ్చేదాకా కొలత తప్పిన మేస్త్రీవి. నా మీద ఒట్టు వెయ్యి." ఆ ఎముకల చేతిని చాపాడు. వేశాను.

తొమ్మిదో రోజు పోయాడు. మళ్ళీ ఆ కారులో కూర్చోలేదు. కూర్చోబెట్టనా అని తమ్ముడు అడిగితే, "వద్దులేరా, పంతొమ్మిదేళ్ళు చూసింది చాలు" అన్నాడు.

తమ్ముడు మడ్‌గార్డులు విప్పలేదు. ఎవర్ని తిప్పాలని విప్పుతాడు? ప్రతి ఆదివారం షట్టరు ఎత్తి, కారు తుడిచి, రెండు నిమిషాలు ఇంజను వేసి ఆపేస్తాడు. ఆ చప్పుడు నా పడకగది నేల కిందనుంచి వస్తుంది. తర్వాత మేడ మీదికొచ్చి "టీ తాగావా అన్నయ్యా?" అంటాడు. నా మొహంలో ఏం కనపడుతుందో గానీ, "ఇంకా దాని గురించే బాధపడుతున్నావా? ఎవరికైనా తప్పుతుంది" అని ఓదారుస్తాడు.

వాడు ఫ్యాక్టరీకి వెళ్ళాక నేను కిందికి దిగుతాను. టేపు తీసి ఆ పిల్లర్ల మధ్య పెడతాను. కింద నాలుగడుగుల ఏడు. మధ్యలో నాలుగడుగుల ఏడు. పైన నాలుగడుగుల ఏడు. నేను కట్టినవాటిల్లో దీనంత బాగా కుదిరింది ఇంకోటి లేదు, ఈ మాట మీతో తప్ప ఎవరితోనూ అనలేను.