హుస్నాబీ నెత్తురు మీద మీగడ

మా ఇంటి వెనక గదుల్లో హుస్నాబీ కిరాయికి దిగిన కొత్తలో మా ఇద్దరి జుట్టూ నల్లగానే ఉండేది. తొంభై రెండో సంవత్సరం రంజాన్ వచ్చేనాటికి ఇద్దరికీ తల నెరిసింది, మోకాళ్ళు అరిగాయి, ఇద్దరికీ మొగుళ్ళు లేరు. ఆమె పొద్దంతా కుట్టుమిషను ముందు కూర్చుని జాకెట్లు, లంగాలు కుడుతుంది. నేను అరుగు మీద పేపరు చదువుతాను. మిషను చప్పుడు కాసేపు ఆగితే లేచి వెళ్ళి తొంగి చూస్తాను.

"బతికే ఉన్న అక్కా, దారం ఎక్కిస్తున్న," అంటుంది తలెత్తకుండా.

నాకు ఆ భయం ఊరికే రాలేదు. నా వాళ్ళంతా బస్సెక్కే పోయారు. మా అన్న భీవండి మగ్గాలకు పోయి తిరిగి రాలేదు. చెల్లెలు షోలాపూర్‌కు కాపురానికి పోయి అక్కడే కాన్పులో కన్నుమూసింది. మా ఆయన బుచ్చయ్య ఛాతీలో నొప్పి అంటూ హైదరాబాదు దవాఖానకు బయల్దేరి, బస్సు కిటికీలోంచి "పొయ్యి మీద పాలున్నయి, పొంగుతయి చూడు," అన్నాడు. నాతో ఆయన అన్న చివరి మాట అదే. బడి ముఖం చూడని నేను బస్సుల బోర్డులు చూసే అక్షరాలు కూడబలుక్కున్నాను. ఆయన పోయాక గుండె గురించి, కొవ్వు గురించి పేపర్లో ఏం పడ్డా వదలకుండా చదివాను. కొలెస్ట్రాల్ అన్న మాటకు నోరు తిరగడానికే చాలా రోజులు పట్టింది.

ఆ ఏడు హైదరాబాదు నుంచి డాక్టర్లు వచ్చి మెదక్ రోడ్డులో ఒక ఇల్లు తీసుకున్నారు. నెత్తురులో కొవ్వు పెరగడం పట్నాల్లో బాగా తినేవాళ్ళ జబ్బని అనుకుంటారట. మా సిద్దిపేటలాంటి ఊళ్ళో, కూర్చుని పని చేసుకునే ఆడవాళ్ళలో అది ఎట్లా ఉందో చూడాలని వాళ్ళ పరిశోధన. ఇంటింటికీ వచ్చి చెప్పి పోయారు. రాత్రి ఉపవాసం ఉండి పొద్దున్నే రావాలి, నెత్తురు తీస్తారు, బీపీ చూస్తారు, నడుము కొలుస్తారు.

హుస్నాబీకి వెళ్ళాలని లేదు. నేనే పోరుపెట్టాను.

"రోజాల ఉన్నక్కా. నెత్తురిస్తే రోజా పోదా?" అంది.

మసీదులో పెద్దవాళ్ళను అడిగించాను. పరీక్షకు సూదితో కాస్త తీస్తే ఉపవాసం చెడదు, రోజా పోదన్నారు. ఇక ఆమెకు సాకు లేకుండా పోయింది.

డాక్టరమ్మ పేరు ప్రమీలాదేవి. చీర కొంగు నడుముకు చెక్కి, పనిమనిషిలా అటూ ఇటూ తిరుగుతోంది. టేపు తెచ్చి హుస్నాబీ నడుము చుట్టూ వేయబోయింది.

"నా కొలత నాకు ఎరుకే డాక్టరమ్మా. ముప్పై ఎనిమిది. ఊరందరికి కుట్టేదాన్ని, నన్నేం కొలుస్తవు?"

"ఎరుకైనా కొలవాలె. రెండించులు దాస్తున్నరేమో."

"దాచేదాన్నైతే ముప్పై ఆరు చెప్తుంటి."

డాక్టరమ్మ నవ్వి, సూది చేతిలోకి తీసుకుని, "ఉపవాసమే కదా?" అంది.

హుస్నాబీ ముఖం ఎర్రబడింది. "రంజాన్ల నన్ను గిట్ల అడుగుతరా? రోజా ఉన్న. ఉమ్మి గూడ మింగలె."

"చానా నిష్ఠ అమ్మా ఈమెది. చుక్క నీళ్ళు ముట్టదు," అని నేను పక్కనుంచి సాక్ష్యం పలికాను.

డాక్టరమ్మ సంతృప్తిగా తలూపి నెత్తురు తీసింది. నన్ను రమ్మనేసరికి రెండడుగులు వెనక్కి వేశాను. ఇంకొకళ్ళ జబ్బు గురించి చదవడం వేరు, నా నెత్తురులో ఏముందో తెలుసుకోవడం వేరు. "నేను చాయ తాగొచ్చిన," అన్నాను. తాగలేదు. హుస్నాబీ నావైపు ఒక చూపు చూసింది.

ఫలితం కాగితం వచ్చిన రోజున హుస్నాబీ కూతురు జైనబ్ బీ ఇంట్లోనే ఉంది. ఆమె కాపురం నిజామాబాద్‌లో. తల్లిని చూసిపోదామని వచ్చింది. కాగితం ఇంగ్లీషులో ఉన్నా పక్కన తెలుగులో కూడా రాసిచ్చారు, అంకెలు నాకు తెలుసు, ఏ మాట పక్కన ఏ అంకె ఎంత ఉండాలో చదివే ఉన్నాను.

"కొలెస్ట్రాల్ రెండు వందల ఇరవై ఒకటి. కొంచెం ఎక్కువ," అన్నాను. తర్వాతి వరుస మీద వేలు పెట్టి రెండుసార్లు చూసుకున్నాను. "ట్రైగ్లిజరైడ్లు నాలుగు వందల అరవై ఎనిమిది. నూట యాభై దాటొద్దు బిడ్డా."

"దాటితే ఏమైతది పెద్దమ్మా?"

అక్కడ నేను నోరు మూసుకుని ఉండవలసింది. నరాల గురించి, గుండె గురించి, కాళ్ళు చేతులు పడిపోవడం గురించి చదివిందంతా చెప్పాను. చెబుతుంటే నాకే ఏడుపొచ్చింది. జైనబ్ కళ్ళు తుడుచుకుని లేచి నిలబడింది.

"అయితే అమ్మీని ఇగ ఈడ ఉంచ. పండుగ అయినంక తోల్కపోత. ఆడ నా కండ్ల ముందల ఉంటది. ఈడ ఏమన్నైతే ఎవరు చూస్తరు?"

"నేను లేనా?"

"నీకే మోకాళ్ళు లెవ్వయి పెద్దమ్మా. నువ్వు లేచొచ్చేసరికి తెల్లారుతది."

ఆ మాటలో తప్పేం లేదు. కూతురికి ఎదురు చెప్పడం హుస్నాబీకి చేతకాదు. నేను చూస్తుండగానే సగం కుట్టిన జాకెట్లను ఎవరివి వాళ్ళకు మూటలు కట్టడం మొదలుపెట్టింది.

అప్పటినుంచి ఆమెకు రోజూ పొద్దు పొడవకముందే ఇచ్చే మీగడ గిన్నె ఆపేశాను. మా గేదె పాలు చిక్కన, మీగడ మందంగా కడుతుంది. పారబొయ్యడం నా వల్ల కాలేదు, నేనే తిన్నాను. రెండు మూడు రోజులకు జైనబ్‌ను, హుస్నాబీని వెంటబెట్టుకుని డాక్టరమ్మ దగ్గరికి పోయాను. ఊరు మారకుండా ఇక్కడే నయం చేసే మందు ఏదైనా ఉంటుందేమో అడుగుదామని.

ప్రమీలాదేవి మమ్మల్ని చూడగానే లోపలికి పిలిచింది. ఆమె కూడా దిగులుగానే ఉంది. ఫ్రిజ్ తెరిచి ఒక చిన్న గాజు గొట్టం తెచ్చి వెలుతురుకు పట్టింది. లోపల నీళ్ళలా తేటగా ఉండవలసింది పాలలా ఉంది. పైన తెల్లటి పొర తేలింది.

"గిది హుస్నాబీది. నెత్తురుల ఎర్రదంత తీసేస్తే మిగిలేది తేటగ ఉండాలె. గిట్ల ఉంది. ఇంకో సంగతి, మీ వాడ నుంచి వచ్చినవి ఇంకా కొన్ని గిట్లనే ఉన్నయి. ఒక్క వాడల ఇంతమందికా అని మా పెద్ద డాక్టరుకు ఫోన్ గూడ చేసిన. వంశంల వచ్చే జబ్బేమో అనుకుంటున్నం. మీరు ఇంట్ల ఏం తింటరు, పొద్దటి నుంచి చెప్పున్రి."

తిండి మాట వచ్చేసరికి హుస్నాబీకి హుషారొచ్చింది. "పొద్దుగాల సహరికి ఖిచిడీ, దాని మీద నెయ్యి. ఖీమా ఉంటే ఖీమా. ఇగ మా అక్క ఇచ్చే మీగడ. గది తిన్ననంటే సందె దాక నాకు ఫికర్ లేదు."

"సహరి అంటే ఎప్పుడు?"

"తెల్లారకముందు, ఫజర్ అజాకు ముందు. అజా వినపడ్డదంటే బంద్."

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. "నెత్తురు ఇచ్చిన రోజు గూడ తిన్నరా?"

"తినకుంట రోజా ఎట్లుంట? సహరి ఇడవొద్దు కద."

"తిన్నంక రెండు మూడు గంటలకు ఈడికొచ్చిన్రు?"

"అక్క నిలవనియ్యలె. లైన్ల ముందల ఉండాలని ఉరికిచ్చింది."

డాక్టరమ్మ గొట్టం వైపు చూసింది, హుస్నాబీ వైపు చూసింది, చివరికి నావైపు తిరిగింది. "అయితే గిది హుస్నాబీ జబ్బు కాదమ్మా. గిది మీ మీగడ."

జైనబ్ ముందు అర్థం కానట్టు చూసి, తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను మాత్రం ఇంకా భయంలోనే ఉన్నాను. డాక్టరమ్మ కూర్చోబెట్టి వివరంగా చెప్పింది. కొవ్వున్న తిండి తింటే కొన్ని గంటలపాటు ఆ కొవ్వు నెత్తురులో తేలుతూనే ఉంటుందట. ఒంట్లో అసలు సంగతి తెలియాలంటే తిన్న తర్వాత పన్నెండు గంటలు ఆగాలట. కొలెస్ట్రాల్ మాత్రం ఒక్క పూట తిండికి పెద్దగా మారదు, ఆ కాస్త ఎక్కువ నిజమే, దానికి నడక కావాలి, నెయ్యి తగ్గాలి అంది.

హుస్నాబీకి ఇదేదీ చెవికెక్కలేదు. "నేను అబద్ధం చెప్పలె డాక్టరమ్మా. రోజా ఉన్న అన్న, ఉన్న."

"మీరు నిజమే చెప్పిన్రు. నేనే అడుగుడు సరిగ్గ అడగలె. ఇగ నుంచి ఉపవాసమా అని అడగం. ఆఖరుసారి ఎప్పుడు తిన్నరని అడుగుతం. మీ వాడల రోజా ఉన్నోళ్ళందరికి మళ్ళ తీస్తం, సందెకు ఇఫ్తార్‌కు ముందు. అప్పటికి పన్నెండు గంటలు దాటుతది కద."

"మళ్ళ తీస్తే గూడ ఎక్కువొస్తే?" అని అడిగింది జైనబ్.

"అప్పుడు చూద్దాం."

"ఎక్కువొస్తే తోల్కనే పోత పెద్దమ్మా, చెప్తున్న," అంది జైనబ్ నాతో. ఆమె కోపంగా అనలేదు. తల్లి మీద ప్రాణం ఆమెకు.

హుస్నాబీ చేతులు కట్టుకుని కూర్చుంది. "నాకు ఇంకోపారి సూది గుచ్చాల్నంటే మా అక్కకు గూడ గుచ్చాలె. అప్పుడైతేనే వస్త."

"నేను ఆ పూట చాయ..." అన్నాను.

"చాయ ఎట్ల తాగుతవో నేను చూస్త. ఆ రోజు నాతోని రోజా ఉండు."

అట్లా నేను ముసలితనంలో ఒక రోజా ఉన్నాను. తెల్లవారుజామున ఇద్దరం ఒకే పళ్ళెం ముందు కూర్చుని రొట్టె, పప్పు తిన్నాం. మధ్యాహ్నానికి నా నాలుక అట్టముక్కలా అయింది. పేపరు తీసి గుండెపోటు గురించి చదువుతుంటే దాహం ఇంకా పెరిగింది. హుస్నాబీ వచ్చి పేపరు లాక్కుంది.

"గిది చదివితే నీళ్ళు తాగినోళ్ళకు గూడ గొంతెండుతది. ఇగో, ఈ గుండీలు కుట్టు."

గుండీలు కుడుతూ కూర్చున్నాను. ఆమె మిషను తొక్కుతూ ఎవరి జాకెట్టు ఎంత బిగుసుకుపోయిందో, ఎవరు సన్నబడ్డామని అబద్ధాలు చెబుతారో చెబుతుంటే పొద్దు ఎట్లా వాలిందో తెలియలేదు. ఈమె వెళ్ళిపోతే ఈ ఇంట్లో నవ్వు కూడా వెళ్ళిపోతుంది కదా అనుకున్నాను. సూదిలో మళ్ళీ దారం ఎక్కించుకున్నాను.

సాయంత్రం మెదక్ రోడ్డు ఇంట్లో మా వాడలో రోజా ఉన్న ఆడవాళ్ళంతా ఉన్నారు. వరండాలో చాపలు పరిచారు. డాక్టరమ్మ ఒక్కొక్కరినీ, "ఆఖరుసారి ఎప్పుడు తిన్నరు?" అని అడుగుతోంది. "అజాకు ముందు" అని అందరూ ఒకటే జవాబు. నా వంతు వచ్చినప్పుడు హుస్నాబీ నా రెండో చెయ్యి గట్టిగా పట్టుకుంది. కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి అయిపోయింది.

ఆ తర్వాత ఎంతో సేపు కాలేదు, మసీదు మైకులో అజా వినిపించింది. హుస్నాబీ కొంగుముడి విప్పి ముందు నా నోట్లో ఒక ఖర్జూరం పెట్టింది, తర్వాత తాను తిన్నది. డాక్టరమ్మ చెయ్యి చాపింది. "మీకెందుకు, మీరు మధ్యాహ్నం అన్నం తినలేదా?" అని హుస్నాబీ అంటే, "పొద్దటి నుంచి నిలబడే ఉన్న, నాకు గూడ పెట్టు," అంది. అంత తియ్యటి ఖర్జూరం నేను ఎప్పుడూ తినలేదు.

రంజాన్ పండుగ అయిపోయింది. పండుగకు నిజామాబాద్ పోయిన జైనబ్, తల్లి బట్టలు సర్దడానికి ఖాళీ పెట్టె తెచ్చుకునే తిరిగి వచ్చింది. మర్నాడు కాగితాలు వచ్చాయని కబురు తెలిసి, మా ఇద్దరినీ ఇంట్లో కూర్చోమని ఆమె ఒక్కతే పోయింది. నేను మళ్ళీ ఏదైనా చదివి అందరినీ హడలగొడతానని ఆమె భయం.

అరుగు మీద ఇద్దరం కూర్చున్నాం. నేను వీధి మలుపు వైపు చూస్తున్నాను. హుస్నాబీ తన చెప్పు పట్టీ కుట్టుకుంటోంది.

జైనబ్ వచ్చి ముందు తల్లి పక్కన కూర్చుంది. "అమ్మీ, ట్రైగ్లిజరైడ్లు నూట నలభై రెండు."

"నూట యాభై లోపలే!" అని నేను అరిచాను. నా అరుపుకు ఎదురింటివాళ్ళు తొంగి చూశారు.

"కొలెస్ట్రాల్ రెండు వందల పద్దెనిమిది. నడవాలె, నెయ్యి తగ్గించాలె, అంతే అన్నది డాక్టరమ్మ." జైనబ్ రెండో కాగితం విప్పింది. "పెద్దమ్మా, నీది రెండు వందల డెబ్భై నాలుగు."

"ఏంది?"

"కొలెస్ట్రాల్. భయపడే పని లేదట. కానీ మీగడ పూర్తిగ బంద్, రోజు నడవాలె, మూడు నెలలకు మళ్ళ పరీక్ష."

హుస్నాబీ చెప్పు కింద పడేసి నవ్వడం మొదలుపెట్టింది. "నా వాటా మీగడ గూడ తిన్నది! అందరి నెత్తురు చదివింది, తన నెత్తురు చదువుకోలె!" నవ్వి నవ్వి కళ్ళలో నీళ్ళొచ్చాయి. నాకూ నవ్వొచ్చింది. వింత ఏమిటంటే భయం వెతికినా దొరకలేదు.

జైనబ్ మాత్రం నవ్వకుండా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "మరి ఇప్పుడు నేనేం చెయ్యాలె? అమ్మీని తోల్కపోతే పెద్దమ్మను ఎవరు నడిపిస్తరు? ఈమె ఒక్కతే నడుస్తదా? గడప దాటది."

"నన్ను అడుగుతవేంది?" అంది హుస్నాబీ. "నీ పెట్టె ఖాళీగ ఎట్ల తెచ్చినవో అట్ల తీస్కపో. నేను ఈడనే ఉంట."

కూతురికి ఆమె ఎదురు చెప్పడం నేను వినడం అదే మొదటిసారి. జైనబ్ తల్లి భుజం మీద తల పెట్టింది. "రోజు నడవాలె మల్ల. ఇద్దరు."

ఆ సాయంత్రమే హుస్నాబీ నన్ను మెదక్ రోడ్డు మీదికి లాక్కుపోయింది. ఎండ చల్లబడింది, మొక్కజొన్న బండ్లు పోతున్నాయి. ఆమె ముందు, నేను వెనక. నాలుగు అడుగులకోసారి ఆగి, "అగో, కూసుంటవా? పడక తెప్పియ్యాల్నా?" అని ఎగతాళి చేస్తోంది.

నాకు ఒక అనుమానం వచ్చింది. అనుమానం రాకపోతే నేను నేనే కాదు.

"హుస్నా, మూడు నెలలకు నాది తగ్గిందనుకో. అప్పుడు నీ బిడ్డ మళ్ళ పెట్టె పట్టుకొని వస్తదేమో?"

ఆమె వెనక్కి తిరిగి, నడుము మీద చెయ్యి పెట్టుకుని నన్ను చూసింది. "తగ్గిన సంగతి నా బిడ్డకు ఎవరు చెప్పాలె?"

"మనమే."

"చెప్తమా?"

నేను ఆలోచించాను. "చెప్పం."

"మరింకేంది, నడువు," అంది హుస్నాబీ. నేను నడిచాను.