జేబులో ఫ్యూజు

జయపాల్ ముప్పై ఏళ్లు లైన్‌మన్‌గా పనిచేశాడు. తీగెలకు కొక్కేలు తగిలించి దొంగ కరెంటు లాక్కునేవాళ్లను పట్టుకోవడంలో ఆయన్ను మించినవాడు లేడు. మనిషి రిటైరయ్యాడు గానీ ఆ చూపు రిటైరు కాలేదు. ఎవరు ఎదురొచ్చినా ఆయన కళ్లు ముందు వాళ్ల చేతుల మీదికి పోతాయి, ఏం తగిలించారో, ఏం లాక్కుపోతున్నారో అని. మొహం సంగతి తర్వాత.

రాజుపాలెం దగ్గర ఆ చిన్న ఊళ్లో ఇప్పుడాయన చర్చి సంఘపెద్ద. ఊళ్లో ఏ బోరు వేసినా ఉప్పు నీళ్లే. చర్చి ఆవరణలో వేసిన బోరులో మాత్రం తియ్యటి నీళ్లు పడ్డాయి. ఆదివారం ఆరాధన ముగిసి ఆశీర్వాదం అయ్యాక అరగంట మోటారు వేస్తారు. ఎవరైనా పట్టుకోవచ్చు. మోటారు గది తాళంచెవి జయపాల్ దగ్గరే ఉంటుంది. ఇంకెవరి దగ్గరుంటుంది!

ఈస్టరుకు ముందు వచ్చే నలభై శ్రమల దినాలు మొదలైన ఆదివారం, ఆడవాళ్ల వైపు చివరి చాప మీద కొత్త మనిషి కనిపించింది. పేరు హనుమాయమ్మ. దుర్గి వైపు నుంచి మిరపకోతలకొచ్చి ఊరి చివర పాకలో ఉంటోంది. రెండు బిందెలు గుమ్మం పక్కన బోర్లించి లోపలికొచ్చి కూర్చుంది. జయపాల్ బిందెలు చూశాడు. ఇంకేం కావాలి?

"నీళ్ల భక్తి," అన్నాడు ఇంటికొచ్చి భార్య మణెమ్మతో. "బిందెలు నిండినన్నాళ్లే ఆ భక్తి. చూస్తా ఉండు."

"కందకు లేని దురద కత్తిపీటకెందుకయ్యా? నీళ్లు దేవుడియ్యి. నీ అబ్బ సొమ్మేం కాదు," అంది మణెమ్మ.

జయపాల్ ఊరుకోలేదు. ప్రతి ఆదివారం పాట పుస్తకం ముందు పెట్టుకుని కళ్లు మాత్రం ఆ చివరి చాప మీదే వేసేవాడు. ఆవిడకు పాటలు రావు. వాక్యం చదువుతుంటే నోరు కొంచెం తెరిచి వింటుంది. ప్రార్థనప్పుడు చెంగు నోటికడ్డం పెట్టుకుని ఏడుస్తుంది. అదిగో, ఆ ఏడుపు దగ్గరే ఆయనకు ఎక్కడో చురుక్కుమంది.

ఎందుకంటే, శుభ శుక్రవారం నాడు సిలువ మీది ఏడు మాటల్ని ఏడుగురు పంచుకుని చెబుతారు. అయిదోది, 'దప్పిగొనుచున్నాను' అన్న మాట, ఇరవై ఏళ్లుగా జయపాల్‌దే. అదే నోటుపుస్తకం, అవే వాక్యాలు. చెప్పిన ప్రతిసారీ బాగా చెప్పావనే అంటారు. కానీ ఒక్కనాడూ ఆ మాట ఆయన గొంతు దిగి లోపలికి పోలేదు. లోపలంతా ఎండిన బావే. ఈ సంగతి మణెమ్మక్కూడా చెప్పుకోలేదు. అట్లాంటిది, నిన్నగాక మొన్న వచ్చిన కూలిమనిషికి ఆ కన్నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తున్నాయి? ఆవిడది దొంగ ఏడుపని తేలితే బాగుండు. అప్పుడు తన ఎండుదనాన్ని తప్పు పట్టుకునే పనే ఉండదు. మనసులో ఇంత పెట్టుకుని ఆయన దాన్ని సంఘ క్షేమం అనుకున్నాడు.

ఈస్టరుకు వారం ఉందనగా వచ్చే మట్టల ఆదివారానికి ముందురోజు సాయంత్రం మోటారు గదిలోకెళ్లి పింగాణీ ఫ్యూజు ఊడబీకి జేబులో వేసుకున్నాడు. తలుపు మీద కాయితం అంటించాడు: మోటారు చెడిపోయినది, నీళ్లు రావు.

తెల్లారి చర్చి గుమ్మంలో ఈతమట్టలు సిద్ధంగా ఉన్నాయి. ఎవరో ఓపిగ్గా చీల్చి, కట్టలు కట్టి పెట్టారు. పట్టుకునే చేతులే తక్కువయ్యాయి. ఆయన చిన్నాన్న కొడుకు మరియదాసు టిన్ను భుజాన పెట్టుకుని వచ్చి, కాయితం చదివి, టిన్నుతోనే వెనక్కి తిరిగిపోయాడు. డోలక్ వాయించేవాడే అతను! అట్లా ఒకరు కాదు, సగం చాపలు ఖాళీ. పోయినవాళ్లంతా బాప్తిస్మం తీసుకున్నవాళ్లే, తరతరాల వాళ్లే.

హనుమాయమ్మ వచ్చింది. చేతిలో బిందె లేదు.

జయపాల్‌కు అనుమానం తీరాల్సింది పోయి, ఇంకో మెట్టెక్కింది. నీళ్లు రావని ఈవిడకు ముందే ఎట్లా తెలిసింది? కాయితం ఇక్కడుంది. ఈవిడ పాక ఊరవతలుంది. ఎవరు చెప్పారు? ఆ వారమంతా అదే ఆలోచన. బుధవారం నాడు ఆవిడ వీధి పంపు దగ్గర ఉప్పు నీళ్లే పట్టుకుని పోతుంటే చాటుగా చూశాడు. ఇదేదో పెద్ద ఎత్తే అనుకున్నాడు.

శుభ శుక్రవారం. మిట్టమధ్యాహ్నం, రేకుల కప్పు, పైగా ఉపవాసం. జయపాల్ లేచి నోటుపుస్తకం తెరిచాడు. దప్పిక అన్నవాడికి నీళ్లియ్యకుండా చిరకలో, అంటే పులిసిన ద్రాక్షరసంలో, ముంచిన స్పంజీ అందించిన సంగతి చదువుతున్నాడు. చెమట తుడుచుకుందామని జేబులో చెయ్యి పెట్టాడు. రుమాలుకు బదులు, వారమంతా జేబులోనే మోస్తున్న ఫ్యూజు తగిలింది.

నోరు ఆగిపోయింది. చివరి చాప మీద ఆవిడ, అదే మాదిరి నోరు కొంచెం తెరిచి, మిగతా మాట కోసం చూస్తోంది. చిరక అందించిన చెయ్యి ఎవరిదో ఇరవై ఏళ్లలో మొదటిసారి ఆయనకు తెలిసింది. ఆ చెయ్యి జేబులోనే ఉంది. ఉపవాసానికి కళ్లు తిరిగాయేమోనని పాస్టరు ఆనందరావు అయ్యగారు పాట ఎత్తుకున్నారు. జయపాల్ కూర్చుండిపోయాడు. సిగ్గుతో చచ్చిపోయాడనుకోండి.

శనివారం మోటారు గదిలోకెళ్లి ఫ్యూజు పెట్టాడు. మళ్లీ తీశాడు. గుట్టుగా పెట్టేస్తే రిపేరు చేశాడని అందరూ మెచ్చుకుంటారు. అదొక్కటే ఆయనకు మింగుడు పడలేదు.

ఈస్టరు తెల్లవారుజామున సమాధుల దగ్గర కొవ్వొత్తులు వెలిగించి, తూర్పు ఎర్రబడే వేళకు అందరూ చర్చికి చేరారు. ప్రభువు లేచాడని కేకలైనాయి. సాక్ష్యాలు చెప్పమంటే జయపాల్ లేచి ఫ్యూజు చేత్తో పైకెత్తాడు.

"మోటారు చెడలేదు. నేనే తీశా. ఈమె నీళ్లకే వస్తందని రుజువు చేద్దామని తీశా," అన్నాడు. "నా లోపల తడి లేక ఈమె తడిని అనుమానించా. నన్ను క్షమించండి."

మరియదాసు డోలక్ వైపు తల దించుకున్నాడు.

ఆరాధన అయ్యాక మోటారు గది దగ్గర హనుమాయమ్మే ఎదురొచ్చింది. "నాకు తెలుసు పెద్దయ్యా. ఆ శనారం నేను గది ఎనకమాల మట్టలు చీరతా కూర్చున్నా. కిటికీలోంచి మీరు దాన్ని జేబులో ఏసుకోటం చూశా."

"చూసి కూడా ఎందుకొచ్చావమ్మా? ఎవరితోనన్నా చెప్పకపోయావా?"

"మొదట నీళ్లకే వచ్చా. అబద్ధమెందుకు? కడుపు నిండినా, నీళ్లు తాగినా లోపల ఏందో ఆరిపోయినట్టుండేది నాకు. మీ చర్చిలో కూర్చుంటే అది తగ్గింది. దేవుడికే దాహమేసిందంట గదా, మరి ఆయనకి నా దాహం తెలవదా? చెబితే మిమ్మల్ని పెద్దరికం నుంచి దింపుతారు. శుక్రారం ఆ మాట చెప్పేది మీరేనంట. వింటే మీకే తెలుస్తదిలే అని ఊరుకున్నా."

జయపాల్ ఫ్యూజు పెట్టి స్విచ్చి వేశాడు. పైపు ముందు గాలి కక్కింది, తర్వాత కాస్త ఎర్రనీళ్లు, ఆ తర్వాత తేటనీళ్లు. ఆయన వంగి దోసిలి పట్టాడు. రెండు గుక్కలు తాగేసరికి ఏడుపొచ్చింది. ఇన్నేళ్లకు వచ్చింది. ఎండిన బావిలో ఊట పడ్డట్టు లోపలంతా నిండుతుంటే, లేచాడు, లేచాడని తనలో తనే అనుకుంటూ మొహం కడుక్కున్నాడు.

తాళంచెవి తీసి హనుమాయమ్మ చేతిలో పెట్టాడు. పాత అలవాటు కొద్దీ కళ్లు ఆ చేతుల మీదే ఆగాయి. మిరపకాయల ఘాటుకి ఎర్రబడి పగిలిన చేతులు. తర్వాత తలెత్తి, ఆ నలభై రోజుల్లో మొదటిసారి, ఆవిడ మొహం చూశాడు.