మార్కా లేని సంచులు

కిష్టవ్వ జల్లెడ ఆగిపోయింది.

నారాయణఖేడ్ మార్కెట్ యార్డులో ముప్పై ఏళ్లుగా ఆమె కందులు జల్లెడ పడుతోంది. పక్కన కొట్లాట జరిగినా ఆగని చెయ్యి అది. సంతోషి చెప్పిన ఒక్క మాటకు ఆగింది.

"మల్ల చెప్పు పోరీ. గోదామోడు సంచుల మీద పేరు మార్కా ఏసిండా, ఎయ్యలేదా?"

"ఎయ్యలేదవ్వా. దించి గట్లనే పేర్చిండ్రు."

"మీ కాకవి?"

"కాకవి గూడ గంతే. గోదాం మొత్తంల ఒక్క సంచి మీద రంగు సుక్క లేదు. అయితే ఏమైతది?"

కిష్టవ్వ చీర కొంగుతో ముఖం మీది దుమ్ము తుడుచుకుంది.

సంతోషికి ఇరవై మూడేళ్లు. నారాయణఖేడ్‌లో బట్టల దుకాణంలో మూడేళ్లు నిలబడి పనిచేసింది. జీతం అందిన రోజే పదిహేను వందలు పోస్టాఫీసులో వేసి, మిగిలినదాంతోనే నెల గడిపింది. తోటి పిల్లలు కొత్త ఫోన్లు కొంటూ "పిసినారి" అని వెక్కిరించేవారు. ఆ డబ్బుతోనే నాగల్‌గిద్ద వైపు నాలుగెకరాలు కౌలుకు పట్టి కంది వేసింది. విత్తకముందే కిష్టవ్వ దగ్గరకు వచ్చి, నాకు సరుకు చూడడం నేర్పమని అడిగింది.

"ఫీజు కట్టాలె మరి," అంది కిష్టవ్వ.

"ఎంతవ్వా?"

"పంటొచ్చినంక చాటెడు కందులు. అప్పు పెడితే ఊకోను!"

అప్పటినుంచి వారం వారం వచ్చి కూర్చునేది. గింజను పంటికింద పెడితే కటుక్కుమనాలని, సంచిలో మోచేతి దాకా చెయ్యి పెట్టి లోపలి వేడి చూడాలని, అమ్మకముందే వచ్చే ఏటి విత్తనాలు పక్కకు తీయాలని అన్నీ అడిగి నేర్చుకుంది. ఎవరికి అమ్మాలన్న ఒక్క సంగతి మాత్రం అడగలేదు. అది నాన్న తమ్ముడు దశరథ్ కాక చూసుకున్నాడు.

కల్హేర్ రోడ్డు మీద గోదాం అద్దెకు తీసుకున్న ధర్మేందర్ యార్డు రేటు కంటే క్వింటాలుకు ఆరు వందలు ఎక్కువ ఇస్తున్నాడు. మొదటి రెండు వారాలు చేతిలో నోట్లు పెట్టాడు. మూడో వారం నుంచి చీటీ రాసిస్తున్నాడు, పదిహేను రోజుల గడువుతో. నిన్న సంతోషి నలభై సంచులు దించి చీటీ తెచ్చుకుంది. ఏడాది కష్టమంతా ఆ నలభై సంచులే. నెలాఖరుకు కౌలు నలభై ఎనిమిది వేలు కట్టకపోతే పొలం ఇంకొకరికి పోతుంది.

"దాచేటోడు మార్కా ఏస్తడు, లారీకి పంపేటోడు ఏస్తడు," అంది కిష్టవ్వ చివరికి. "ఎవని సరుకో రేపు తెల్వాలె గద. పన్నెండేండ్ల కింద ఒకడు గిట్లనే ఎయ్యలే, సరుకెత్తుకొని పైసలియ్యకుండ పారిపోయిండు. ఆ ఏడు మా తమ్ముడు ఎడ్లనమ్ముకున్నడు."

"ఒట్టి అనుమానం గాదా అవ్వా గది?"

"అనుమానమే. పోయి చూద్దాం పా. నేను చెప్పినట్ల ఒక అబద్ధమాడు."

*

గోదాం ముందు ఏడు ట్రాక్టర్లు వరుసలో ఉన్నాయి. ఎండ నిలువునా పడుతోంది. దశరథ్ అక్కడే ఉన్నాడు, ఇంకో పది సంచులతో.

"ఏందే సంతోషీ, జల్లెడ పట్టే ముసల్దాన్ని ఎంటేసుకొచ్చినవ్? కందులు గిట్ల ఏరిపిస్తవా?"

వరుసలో ఇద్దరు ముగ్గురు నవ్వారు. సంతోషి ఆగకుండా లోపలికి నడిచింది. లోపలికి వెళ్లాక మాత్రం కాళ్లు వాటంతటవే నెమ్మదించాయి. మూడు వారాలుగా రోజంతా ట్రాక్టర్లు వస్తున్నాయి. సంచుల గుట్ట మాత్రం నిన్న ఎంత ఎత్తుందో ఇవాళా అంతే ఉంది. అంటే రాత్రిళ్లు సరుకు ఎటో పోతోంది. ఆమె సంచులు తలుపు పక్కనే ఉన్నాయి. మూతులకు ఆమె కుట్టిన పచ్చ దారం దూరం నుంచే కనబడుతోంది.

ధర్మేందర్ తెల్లచొక్కాలో, కుర్చీలో కూర్చుని చీటీలు రాస్తున్నాడు.

"అన్నా, తప్పైంది," అంది సంతోషి. "నా సంచులల్ల పది తడిసినయి. ఆరక ముందే కుట్టిన. లోపల ఏడెక్కితే పక్క సంచులు గూడ ఖరాబైతయి."

ఏ వ్యాపారి అయినా ఈ మాటకు కుర్చీ తన్ని లేస్తాడు. తిడతాడు. సంచులు విప్పించి చెయ్యి పెట్టి చూస్తాడు. యార్డులో అలాంటి తిట్లు ఆమె ఎన్నో విన్నది. ఇప్పుడు కూడా అవే తిట్లు వినబడాలని ప్రాణం పెట్టి కోరుకుంది.

ధర్మేందర్ తల కూడా ఎత్తలేదు. "ఏం గాదు చెల్లె. ఉండనియ్యి," అన్నాడు చల్లగా. నవ్వాడు కూడా.

ఆ నవ్వు చూసి కిష్టవ్వ ఆమె మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. తడిసినా ఫరవాలేదన్నవాడు ఆ కందులకు డబ్బు కట్టబోడు.

సంతోషి వెళ్లి తన సంచుల మీద ఎక్కి కూర్చుంది.

"గిదేంది?" అన్నాడు ధర్మేందర్.

"నా సరుకు నాకియ్యన్నా. నీ చీటీ నీకిస్త."

"పదిహేను రోజులాగు. పూరా పైసలిస్త."

"సరుకే కావాలె."

గంట గడిచింది, రెండు గడిచాయి. కిష్టవ్వ పక్కనే కూర్చుని తంబాకు నమిలింది. హమాలీ ఒకడు వచ్చి, మీద సంచులు పడితే నడుములిరుగుతాయి, దిగమన్నాడు. "ముప్పై ఏండ్లు ఒంగి జల్లెడ పట్టిన నడుము బిడ్డా, నీ అయ్య గూడ ఇరగ్గొట్టలే," అంది కిష్టవ్వ. దశరథ్ వచ్చి, పెద్దమనిషి ముందు ఇజ్జత్ తీస్తున్నావని తిట్టి పోయాడు. సంతోషి గొంతు ఎండింది. నీళ్లు ఎవరూ ఇవ్వలేదు.

మూడో గంటలో ధర్మేందర్ వచ్చి ఆమె ముందు గొంతుక్కూర్చున్నాడు. ముఖం మీద నవ్వు అలాగే ఉంది. గొంతు మాత్రం చాలా తగ్గించాడు.

"మీది నాగల్‌గిద్ద దిక్కు గదా చెల్లె? మోటర్ కాడ రేకుల ఇల్లు. దినాం ఒక్కదానివే నడుస్తవంట. నేను పోయేది గూడ గదే తొవ్వ."

ఒక సంగతి సంతోషి పట్టుకుంది. ఇంత బెదిరించేవాడు ఎందుకింత మెల్లగా మాట్లాడుతున్నాడు? బయట ఏడు ట్రాక్టర్లున్నాయి. వాళ్లకు వినబడకూడదు. అతని భయమంతా అక్కడే ఉంది.

ఆమె లేచి సంచుల మీద నిలబడింది.

"ఏందన్నా?" అని అరిచింది. "మెల్లగ చెప్తున్నవేంది? గట్టిగ చెప్పు! తడిసిన సంచులకు గూడ ఏడువేల ఆరొందలిస్తనంటివి గదా! మార్కా ఎందుకేస్తలేవో గది గూడ చెప్పు!"

వరుసలో మాటలు ఆగిపోయాయి. ముందున్న రైతు ట్రాక్టర్ దిగి తలుపు దాకా వచ్చాడు. "తడిసినయి గూడ కొంటున్నవా సేటూ?" అని అడిగాడు, నవ్వకుండా.

ధర్మేందర్ నిలబడ్డాడు. ఆమె వంక చూశాడు, తలుపు దగ్గరి రైతు వంక చూశాడు. తర్వాత హమాలీ వైపు తిరిగి, "దీనివి దీనికి ఎత్తుండ్రి," అన్నాడు.

ముప్పై ఏడు సంచులే వచ్చాయి. మూడు కనబడలేదు. "ఇగ సాలు, నడువు," అంది కిష్టవ్వ చెవిలో. దశరథ్ తన పది సంచులు దించుతూనే ఉన్నాడు. సంతోషి వెళ్లి చెయ్యి పట్టుకుంటే విదిలించుకున్నాడు. "మొత్తం యాభై నావి. నీ లెక్క పిచ్చోణ్ని గాను."

*

మరునాడే యార్డులో క్వింటాలు ఏడు వేల చొప్పున కందులు అమ్ముడుపోయాయి. సంతోషి కౌలు కట్టింది, ముందుగా తీసిన విత్తనాలు డబ్బాలో పోసింది, కిష్టవ్వకు చాటెడు కందులు ఇచ్చింది. కిష్టవ్వ ఒక గింజ కొరికి చూశాక గానీ ఫీజు తీసుకోలేదు.

నాలుగో రోజు పొద్దున నాగల్‌గిద్ద రోడ్డు మీద ఆటో కోసం నిలబడి ఉండగా లారీ వచ్చింది. కర్ణాటక వైపు పోతోంది. మూల మలుపు దగ్గర నెమ్మదించింది. సంచుల మీద నీలం రంగు మార్కా, ఇంకా తడారక కిందికి కారుతోంది. ఎవరిదో తెలియని పేరు. వెనక వరుసలో ఒక సంచి మూతికి పచ్చ దారం ఉంది.

డ్రైవర్ పక్క సీటులో తెల్లచొక్కా. అతను ఆమెను చూశాడు. గుర్తుపట్టినట్టు తల ఊపాడు.

లారీ దాటగానే సంతోషి నంబరు చదువుకుంటూ ఫోన్ తీసింది. దశరథ్‌కు కలిపింది.

"కాకా, లారీ పోతుంది. నంబర్ చెప్తా, రాసుకో. జల్దీ పోలీస్ ఠాణాకు పో!"

"ఏం లారీనే? ఇంక పదకొండు రోజులుంది గద..."

"కాకా, మన సంచుల మీద మార్కా ఏసి ఉన్నది."

లారీ దుమ్ము రోడ్డు మీద మెల్లగా దిగుతోంది.

"ఎవని పేరుతోనే?" అన్నాడు దశరథ్. ఆ గొంతు ఆమెకు కొత్తగా ఉంది.