రారాజు కనెక్ట్ అయ్యారు

లారీ తెర మీద నీలిరంగు గుర్తు వెలిగింది. సరిగ్గా నలభై సెకన్లు నిలిచి ఆరిపోయింది. ఆమె గడియారం చూస్తూ లెక్కపెట్టింది కనుక ఆ నలభైలో పొరపాటుకు తావు లేదు. ఆ ఉదయం అలా ఆరిపోవడం అది ఏడోసారి.

ఆమెకు యాభై ఆరేళ్లు. అందులో ఇరవై రెండేళ్లు లారీ నడపడంలోనే గడిచాయి. యార్డులో చిన్నా పెద్దా అందరికీ ఆమె అక్కే. ఇన్నేళ్లలో ఆమె నడిపిన బండికి ఒక్క గీత పడలేదు. అలాంటి మనిషికి ఈ నెలలో రెండు హెచ్చరిక పత్రాలు అందాయి. రెండింటిలోనూ నేరం ఒకటే: ఇంజను నడుస్తుండగా చేతిలో ఫోను. అద్దానికి పైన బిగించిన కెమెరా ఫొటో తీసి మరీ పంపింది. మూడో పత్రం వస్తే ఆమె స్టీరింగు వదిలేసి, గోదాములో అట్టపెట్టెలకు చీటీలు అంటిస్తూ కూర్చోవాలి. ఆ పనిని ఆమె తక్కువగా చూడదు. కానీ ఆ గదికి కిటికీ లేదు.

చిక్కంతా గేటు దగ్గర ఉంది. వరుసలో లారీ వంతు రాగానే కాపలాదారు ఫోను చేసి, సరుకు ఎక్కడ దించాలో నంబరు చెబుతాడు. డ్రైవరు ఆ నంబరును తిరిగి చెబితేనే గేటు తీస్తాడు. వరుస కదులుతూ ఉంటుంది కనుక ఇంజను ఆపడానికి వీలుండదు. ఫోను ఎత్తకపోతే గేటు తెరుచుకోదు, ఎత్తితే కెమెరా ఊరుకోదు. బ్లూటూత్ పనిచేస్తే తప్ప ఈ రెండింటి మధ్య నుంచి మనిషి బయటపడే దారి లేదు. పాత లారీలో ఏనాడూ ఎరగని ఈ పీడ, నెల మొదట్లో ఈ లారీ చేతికి వచ్చిన రోజే పట్టుకుంది.

"మళ్లీ పోయింది," అంది.

పక్క సీట్లో ఉన్న ఎలక్ట్రీషియన్ కళ్లజోడు నుదుటి మీదికి తోసుకున్నాడు. అతను ఆమె భర్తకు స్వయానా తమ్ముడు. కాబట్టి ఆమెను ఆటపట్టించడం తన హక్కనే అనుకుంటాడు.

"నువ్వు చూసే చూపుకి హడలిపోయి ఉంటుంది వదినా. కాస్త నవ్వుతూ చూడు."

"నా మొహం సంగతి మీ అన్నయ్య చూసుకుంటాడు. నువ్వు తెర సంగతి చూడు."

"ఫోన్ ఒకసారి ఆపి ఆన్ చేశావా?"

"మూడుసార్లు."

"బ్లూటూత్?"

"ఐదుసార్లు. బండిని కూడా ఆపి మళ్లీ స్టార్ట్ చేశాను. ఇక ఆపి ఆన్ చేయాల్సింది నిన్నే."

అతను ఆమె ఫోన్లోంచి లారీని, లారీలోంచి ఆమె ఫోన్నూ తొలగించి మొదటి నుంచి జతచేశాడు. రెండు తెరల మీదా ఒకే ఆరంకెల సంఖ్య కనిపించింది. ఇద్దరూ గట్టిగా చదువుకున్నారు, సరిపోయింది. గుర్తు వెలిగింది, కాసేపటికి ఆరింది. గేటు ముందు వరుస ఒక లారీ పొడవు ముందుకు జరిగింది. ఇక ఆమె ముందున్నది ఒక్కటే.

"ఫోనే పాతబడింది వదినా."

"ఇదే ఫోన్ రోడ్డు మీద మూడు గంటలు ఏకబిగిన పలుకుతుంది. ఇక్కడికొచ్చి నిలబడితేనే దానికి నోరు పడిపోతుంది. గేటుకీ దానికీ ఏం పగ?"

"ఇక్కడ సిగ్నల్..."

"బ్లూటూత్‌కి టవర్‌తో పనేంట్రా? ఎలక్ట్రీషియన్‌వి నువ్వా, నేనా?"

ఈ సంగతి ఆమె రెండుసార్లు రాతపూర్వకంగా విన్నవించుకుంది. దానికి సూపర్‌వైజరు ఇచ్చిన జవాబు నోటీసు బోర్డుకెక్కింది: 'డ్రైవర్లు సాంకేతిక పరిజ్ఞానము పెంపొందించుకొనవలెను.' ఆ పరిజ్ఞానం కోసమే ఆమె లారీతో వచ్చిన నూట ఎనభై నాలుగు పేజీల పుస్తకాన్ని అట్ట నుంచి అట్ట దాకా చదివింది. నోటీసు రాసినాయన ఆ పుస్తకం అట్టయినా తిప్పి ఉండడని ఆమె నమ్మకం.

"లారీ పది ఫోన్లని గుర్తుంచుకుంటుందని రాశారు. ఆ జాబితా తియ్యి."

అతను కాస్త నసిగి తీశాడు. బుజ్జి వాళ్ల నాన్న, పులి, నల్ల కళ్లద్దాలు... ఇలా తొమ్మిది పేర్లు, చివర్న ఆమెది. ఆ తొమ్మిదిలో అన్నిటికీ పైన, లారీ ముందుగా ఎవరి ఫోన్‌ని వెతకాలో చెప్పే చుక్క గుర్తుతో ఒక పేరుంది: రారాజు.

"ఎవరీ మహానుభావుడు?"

"పాత డ్రైవర్ ఎవరో. బండి మారితే తాళాలిస్తారు, కాగితాలిస్తారు, పేరు మాత్రం ఎవరూ తుడవరు. తుడిస్తే బండి మనసు విరుగుతుందట."

"నువ్వూ నమ్ముతావా?"

"నమ్మను. కానీ తుడవను," అన్నాడు మరిది, చేతులు కట్టుకుని.

ఆమె నోరు తెరిచేలోపే తెర మీద అక్షరాలు మారాయి: రారాజు కనెక్ట్ అయ్యారు. లారీలోని స్పీకర్లన్నీ ఒక్కసారిగా మోగాయి. ఆమె దేన్నీ ముట్టుకోలేదు. రెండు మోతల తర్వాత ఎవరో ఎత్తినట్టు మోత ఆగింది. ఒక స్త్రీ గొంతు గణగణమంటూ లారీ అంతా నిండింది.

"సూపర్‌వైజర్ గారూ, హెడ్డాఫీసు నుంచి సేఫ్టీ ఆఫీసర్ని. మీ మెయిల్ చూశాను. ఆ లేడీ డ్రైవర్‌ని ఇవాళే దించేస్తామన్నారు. మూడోసారి తప్పు ఏ తేదీన జరిగింది? మీరు రాయలేదు."

సరిగ్గా నెత్తి మీద, గేటు పైనున్న ఆఫీసు కిటికీలోంచి సూపర్‌వైజరు అరుపు వినిపించింది. "హలో! హలో! సిమ్ కూడా మార్చానే, దిక్కుమాలిన ఫోను!"

మరిది నోటి మీద చెయ్యి పెట్టుకున్నాడు. ఆమెకు మాత్రం నవ్వు రాలేదు. నెల రోజుల అవమానానికి కారణం ఇంత చిన్నదని, అది పది అడుగుల ఎత్తులో కూర్చుని తనకే నోటీసులు రాసిందని తెలియగానే ఆమెకు ఒళ్లు మండింది. గొంతు మాత్రం నిలకడగానే ఉంది.

"నమస్కారమమ్మా. మీరు మాట్లాడుతున్నది ఆ లేడీ డ్రైవర్‌తోనే."

"ఆయన ఫోన్ మీ దగ్గరెందుకుంది?"

"ఫోన్ పైన ఆయన చేతిలోనే ఉంది. మీ గొంతు నా బండిలో ఉంది. ఆయన ఇదివరకు నడిపిన బండి కాబోలు, ఆఫీసు కిందికి రాగానే నన్ను తోసేసి ఆయన ఫోన్‌కి అతుక్కుంటోంది. ఆ రెండు తప్పులూ ఎక్కడ జరిగాయో ఒక్కసారి చూడండమ్మా."

కాగితాలు తిరగేసిన చప్పుడు. "రెండూ గేటు దగ్గరే."

"గేటు మీదే ఆయన కిటికీ. మూడో తప్పు ఇంకా జరగలేదు. జరగబోతోందని ఆయనకి ముందే తెలిసినట్టుంది."

"ఆయన్ని పిలవండి," అంది ఆ గొంతు. అందులో వెచ్చదనం తగ్గింది. తగ్గింది తన మీద కాదని ఆమెకు అర్థమైంది.

ఆమె తల బయటికి పెట్టింది. "సార్! మీకు ఫోనొచ్చింది, కిందికి రండి!"

"ఫోన్ నా చేతిలోనే ఉందమ్మా!"

"మాట ఇక్కడుంది సార్!"

సూపర్‌వైజరు మెట్లు దిగి వచ్చి, లారీ అడుగుమెట్టు ఎక్కి, తన పై అధికారిణి గొంతు డ్యాష్‌బోర్డులోంచి తన పేరు పిలవడం విన్నాడు. "రారాజు అంటే మీరేనా?" అని ఆమె తెర మీది పేరు చూపించి అడిగినప్పుడు అతని చెవులు ఎర్రబడ్డాయి. "మా ఆవిడ సరదాకి పెట్టింది మేడమ్," అన్నాడు డ్యాష్‌బోర్డుతో. రెండు హెచ్చరికలూ రద్దు చేయాలని, మూడోది రాసి ఉంటే చించేయాలని చెప్పి అధికారిణి ఫోను పెట్టేసింది.

"సరేనమ్మా, విన్నావుగా. నీ వంతొచ్చింది, కదులు. కాగితాల సంగతి రేపు చూద్దాం," అన్నాడు సూపర్‌వైజరు.

ఆమె ఇంజను ఆపేసింది. "ఇప్పుడే చూద్దాం సార్. హెచ్చరికలు కాగితం మీదే ఇచ్చారుగా."

వెనక నుంచి హారన్లు మొదలయ్యాయి. "అక్కా, కదలవేం!" అని ఎవరో కేకేశారు.

"ఐదు నిమిషాలు ఆగు తమ్ముడూ. నేను నెల రోజులు ఆగాను."

సూపర్‌వైజరు మోకాలి మీద కాగితం పెట్టుకుని రాసిచ్చాడు. ఆమె రెండుసార్లు చదివింది.

"సాంకేతిక లోపం వల్ల అని రాశారు. ఎవరి ఫోన్ వల్ల?"

అతను మరిది వైపు చూశాడు. మరిది కళ్లజోడు తుడుచుకోవడంలో మునిగిపోయాడు. సూపర్‌వైజరు కాగితం వెనక్కి తీసుకుని 'నా ఫోన్' అని చేర్చి సంతకం పెట్టాడు. ఆమె దాన్ని మడిచి లైసెన్సు పక్కన పెట్టుకుంది. తాళం సగం తిప్పి, తెర మీద జాబితా తెరిచింది.

"ఇక ఆ పేరు తీసెయ్యండి."

అతని వేలు అక్షరాల దాకా వెళ్లి ఆగింది. "తొమ్మిదేళ్లు నడిపానమ్మా ఈ బండిని," అన్నాడు. ఆ మాటలో పెత్తనం లేదు.

"నడిపారు సార్. కాదనను. ఇప్పుడు నేను నడుపుతున్నాను."

అతను నొక్కాడు. నిజంగా తొలగించమంటారా అని లారీ ఇంకోసారి అడిగింది. అతను ఆమె వైపు చూశాడు.

"నన్ను చూస్తారేం సార్, అడిగింది మిమ్మల్ని," అంది ఆమె.